చదరపు అడుగులో పట్టని పని

అన్నలకు, తమ్ముళ్ళకు, వెనక గోడకు ఆనుకుని నిలబడిన కుర్రాళ్ళకు నమస్కారం. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. ఇక్కడెవరూ మిమ్మల్ని గోడ గీకమనరు.

వంటింటి కబోర్డులకు రంగు వేసేటప్పుడు రేటు ఎట్లా కట్టాలో మన పెయింటర్లకు నాలుగు మాటలు చెప్పమన్నారు. నాకు మైకు అలవాటు లేదు. అందుకని తోడుగా ఒక తలుపును తెచ్చుకున్నాను. ఇదిగో, మన తిరుపతి కొర్లగుంటలో ఒక ఇంట్లో గ్యాస్ పొయ్యి కింద ఇరవై ఏళ్ళు ఉన్న షట్టరు. ఇంటాయన కొత్తవి చేయించుకుని దీన్ని నాకిచ్చేశాడు. దీని ముఖం అందరికీ కనబడుతోంది కదా? మీకిచ్చిన టీ టోకెన్ వెనక, ఈ ఒక్క తలుపుకు రంగు వేయడానికి ఎంత అడుగుతారో రాసుకోండి. నాకు చూపించొద్దు, పక్కనోళ్ళకు అసలే చూపించొద్దు. పక్కనోడి రేటు చూసి పది రూపాయలు తగ్గించి రాయడం మనకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

రోజూ జరిగేదే చెబుతాను. ఫోన్ వస్తుంది. "అన్నా, కబోర్డులకు అడుగు ఎంత?" మనం నిచ్చెన మీద ఉంటాం, ఒక చేతిలో రోలర్ ఉంటుంది. నోటికి వచ్చిన అంకె చెప్పేస్తాం. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది? గోడ నుంచి వచ్చింది. గోడకు ఇంత, కబోర్డు కాస్త కష్టం కాబట్టి దాని మీద ఇంకొంచెం. గోడకు వీపు ఉండదు, అంచులు ఉండవు, బందులు ఉండవు. పోపు చిటపటలు ఏళ్ళ తరబడి పడి ఉండవు. గోడను విప్పి ఆటోలో వేసుకుని పోయి, మళ్ళీ తెచ్చి బిగించే పని లేదు.

నా మొదటి కబోర్డు పని బైరాగిపట్టెడలో, రెండో అంతస్తు ఫ్లాటు. ఆ ఇంటమ్మ టీచరుగా రిటైరయింది. లోపలికి పిలిచి ఫిల్టర్ కాఫీ ఇచ్చింది. గ్లాసు కింద పెట్టకముందే 14 వేలని చెప్పేశాను. ఆమె "సరే నాయనా" అంది. బేరం ఆడలేదు. మన ఊళ్ళో బేరం ఆడకుండా ఒప్పుకున్నారంటే అక్కడే మనకు భయం పుట్టాలి. నాకప్పుడు సంతోషం పుట్టింది.

ఐదు రోజులనుకున్న పని పదమూడు రోజులు పట్టింది. ఆమె శుభ్రం మనిషి, ప్రతి శుక్రవారం తలుపుల మీద ఏదో మెరుపు స్ప్రే కొట్టి తుడిచేది. అందులో సిలికాన్ ఉందని నాకెట్లా తెలుస్తుంది? రంగు కొట్టిన రెండు నిమిషాలకే, నూనె గిన్నెలో నీళ్ళు చిందినట్టు, రంగు జరిగిపోయి గుండ్రంగా గుంటలు పడ్డాయి. ఇంకో కోటు కొడితే మూసుకుపోతాయనుకున్నాను. ఇంకా పెద్దవయ్యాయి. మొత్తం చెక్క దాకా గీకి, తిన్నర్‌తో తుడిచి, గుడ్డ మార్చి మళ్ళీ తుడిచి, మొదటి నుంచి మొదలుపెట్టాను. కూలీలకు ఇవ్వడానికి దుడ్లు లేక, ఇంకా ఆరు నెలలు ఆగాల్సిన చీటీని నష్టానికి పాడుకున్నాను. ఆమె తప్పు ఒక్కటీ లేదు. "దీన్ని దేంతో తుడుస్తారమ్మా?" అని నేను అడగలేదు, అంతే. ఇప్పుడు వంటింట్లోకి పోగానే నా నోటి నుంచి వచ్చే మొదటి ప్రశ్న అదే.

సరే, టేపు తీద్దాం. ఈ షట్టరు వెడల్పు అడుగున్నర, ఎత్తు రెండున్నర. ముఖం 3.75 చదరపు అడుగులు. ఇంటాయన కొలిచేది ఇంతే. వీపు కూడా అంతే, కాబట్టి ఏడున్నర అయింది. చుట్టుకొలత 8 అడుగులు, మందం ముప్పావు అంగుళం. అంచులు కలిపితే ఇంకో అర అడుగు. మొత్తం 8. ఇంటాయన లెక్కలో నాలుగు కూడా లేనిది మన చేతికి ఎనిమిది అవుతుంది. అర అడుగే కదా అని అంచుల్ని తీసిపారేయొద్దు. ప్లైవుడ్ అంచు రంగును స్పాంజీలాగా తాగుతుంది. లప్పం అక్కడే ఎక్కువ పడుతుంది, ఎమరీ పేపరు అక్కడే చిరుగుతుంది, వేలి గోరు అక్కడే అరుగుతుంది.

పాత ఇళ్ళలో ఇంకో సంగతి ఉంది. లోపల కడప బండ అరలు, ముందు చెక్క ఫ్రేము, దానికి తలుపులు. ఆ ఫ్రేమును విప్పలేం. అక్కడికక్కడే బండకు టేపు వేసి, సామాన్లకు కవరు కప్పి చేయాలి. సామాన్లు ఎవరు తీస్తారు? ఇంటోళ్ళే తీస్తామంటారు. మనం పోయేసరికి పప్పు డబ్బాలు, ఊరగాయ జాడీలు, పెళ్ళినాటి స్టీలు సామాన్లు అన్నీ అట్లనే ఉంటాయి. ఇద్దరు మనుషులకు సగం రోజు అక్కడే పోతుంది. ఆ సగం రోజుకు ఏ చదరపు అడుగులో రేటు రాస్తారు?

అందుకని నేను ముందు రోజులు లెక్కేస్తాను, అడుగులు తర్వాత. ఒక పని తీసుకుందాం. 20 షట్టర్లు, ముఖం కొలత 63 అడుగులు, రెండు వైపులా అంచులతో కలిపి 136 అడుగులు. పీయూ ఫినిష్, అంటే గట్టిపడటానికి హార్డెనర్ కలిపి స్ప్రే గన్నుతో కొట్టే పాలీయురేథేన్ రంగు. విప్పడం, నంబర్లు వేయడం, జిడ్డు కడగడం ఇద్దరికి ఒక రోజు. గీకడం, లప్పం, మళ్ళీ గీకడం ఇద్దరికి మూడు రోజులు. ప్రైమర్ కొట్టి, ఆరాక మళ్ళీ ఎమరీ పట్టడం ఇద్దరికి రెండు రోజులు. రంగు కొట్టడం గన్ను మనిషి, హెల్పరు కలిసి రెండు రోజులు. తెచ్చి బిగించి, తలుపుల మధ్య సందులు సరిచేయడం ఇద్దరికి ఒక రోజు. ఒక మనిషి ఒక రోజు పని ఒక కూలీ అనుకుంటే, అంతా కలిపి 18 కూలీలు. అందులో నిజంగా రంగు కొట్టింది నాలుగే. ఇంటాయనకు కనబడేదీ, పక్కింటాయన వచ్చి మెచ్చుకునేదీ ఆ నాలుగే. మిగతా పద్నాలుగు కూలీలు రంగు కిందికి పోయి దాక్కుంటాయి.

లెక్క సులువుగా ఉండాలని కూలీ వెయ్యి అనుకుందాం. మీ దగ్గర ఎంతుంటే అంత పెట్టుకోండి. కూలీ 18 వేలు. రంగు, హార్డెనర్, తిన్నర్, ప్రైమర్, లప్పం 14 వేలు అనుకుందాం. ఎమరీ, టేపు, కవర్లు, మాస్కులు 2 వేలు. ఆటో వెయ్యి. ఇక్కడికి 35 వేలు. మనలో చాలామంది ఇక్కడ ఆపేసి, దీని మీద ఎంత వేసుకుందామా అని చూస్తారు. గన్నుకు గాలినిచ్చే కంప్రెసర్ రిపేరు ఎవరు కడతారు? నాలుగు ఇళ్ళు చూసొస్తే ఒక ఇల్లు పని ఇస్తుంది, ఆ మూడిళ్ళకు తిరిగిన పెట్రోలు ఎవరిది? నెల తర్వాత తలుపు తగులుతోందని ఫోన్ వస్తే పోయి సరిచేసే పూట ఎవరిది? వాటికి 5 వేలు పెట్టాను. అసలు ఖర్చు 40 వేలు.

ఇప్పుడు నాకు ఇరవై శాతం మిగలాలి. ఎంత చెప్పాలి? ...ఎవరో 48 అన్నారు. నేనూ చాలా ఏళ్ళు 48 అనే అన్నాను. 40 మీద ఇరవై శాతం 8, నిజమే. కానీ 48 చేతికి వచ్చాక చూస్తే 8 వేలు దానిలో ఇరవై శాతం కాదు, పదహారున్నర చిల్లర. వచ్చిన నూటిలో ఇరవై మనకు మిగలాలంటే ఖర్చు ఎనభై కావాలి. 40 వేలను 0.8తో భాగించండి, 50 వేలు. తేడా 2 వేలే. నెలకు రెండు పనులు చేసేవాడు ఏడాదికి 48 వేలు తెలియకుండానే వదిలేస్తున్నాడు. కొత్త కంప్రెసర్ ఎందుకు కొనలేకపోతున్నామా అని నేను జుట్టు పీక్కున్న రోజులున్నాయి.

ఆ 50 వేలను ఇంటాయన కొలత 63తో భాగిస్తే అడుగు 794 పడుతుంది. ఆయనకు కళ్ళు తిరుగుతాయి. 136తో భాగిస్తే 368. దుడ్లు అవే, పని అదే. అందుకే నేను కబోర్డులకు అడుగు రేటు చెప్పడం మానేశాను. షట్టరుకు ఇంత, సొరుగుకు ఇంత, ఫ్రేముకు ఇంత అని మొత్తం రాసిస్తాను. ఆయన రెండు షట్టర్లు తగ్గించుకున్నా లెక్క చెడిపోదు.

రంగు సంగతి ఒకటి. డబ్బా మీద లీటరుకు ఇన్ని అడుగులని రాసి ఉంటుంది. అది నమ్మి కొంటే సాయంత్రం షాపు మూసే వేళకు లీలామహల్ సర్కిల్ దాకా పరిగెత్తాల్సి వస్తుంది. మామూలు గన్నుతో కొట్టినప్పుడు సగానికి పైగా రంగు గాల్లోకే పోతుంది. సన్నటి తలుపు అంచు కొట్టేటప్పుడు ఇంకా జాస్తి. పీయూలో హార్డెనర్ కలిపాక కొన్ని గంటలే టైము. మిగిలింది గిన్నెలోనే రాయైపోతుంది, రేపటికి దాచుకునే వీల్లేదు. మాస్కుల ఖర్చు చూసి ముఖం చిట్లించకండి. ఆ హార్డెనర్‌లో ఉండే ఐసోసయనేట్ ఊపిరితిత్తులను పాడు చేస్తుంది, ముక్కుకు కట్టుకునే తువ్వాలు దాన్ని ఆపదు. గాలిని వడగట్టే క్యాట్రిడ్జ్ ఉన్న మాస్కు కొనండి, దాని ఖర్చు రేటులో రాయండి.

"ఇదంతా ఎందుకు, ఎనామిల్ కొట్టెయ్ సామీ" అనేవాళ్ళు ఉంటారు. కొట్టొచ్చు. కానీ తెల్ల ఆయిల్ ఎనామిల్ వెలుతురు తగలని చోట పచ్చబడుతుంది. తలుపు మూసి ఉన్నప్పుడు బాగుంటుంది, తెరిస్తే లోపలి వైపు పాత పేపరులాగా ఉంటుంది. ఆ మాట ముందే చెప్పి, కాగితం మీద రాసి, తర్వాత కొట్టండి.

పూజ గది కబోర్డుకు నేను వేరే రేటు వేస్తాను. తిరుపతిలో పూజ గదిలో దీపం ఆరని ఇళ్ళు ఎన్నో. పై అరకు కింది వైపు నూనె మసి అంగుళం అంగుళం పేరుకుని ఉంటుంది. తలుపులకు ఏళ్ళ తరబడి పెట్టిన పసుపు, కుంకుమ బొట్లు. కుంకుమ ఎర్రదనం తుడిచినంత తుడిచినా, తెల్ల రంగు రెండు కోట్లు కొట్టాక కూడా గులాబీ మచ్చగా పైకి ఊరుతుంది. లక్క సీలర్ కొట్టి దాన్ని మూయాలి. ఒకసారి ఆ మచ్చ చూసి ఒక పెద్దావిడ దండం పెట్టుకుంది, అమ్మవారు కనబడిందని. నేను నోరు మెదపలేదు. కానీ అందరూ అట్లా దండం పెట్టరు.

ఇక కాలం. ఆషాఢంలో గృహప్రవేశాలు ఉండవు, అప్పుడు మన ఫోన్లు మూగబోతాయి. శ్రావణం ముందర అందరికీ ఒకేసారి గుర్తొస్తాం. "పదో తేదీ ముహూర్తం, తొమ్మిదికి అయిపోవాలి" అంటారు. ఆషాఢంలో ఇచ్చే పనికి నేను కొంచెం తగ్గిస్తాను, మనుషులు ఖాళీగా ఉండకుండా. ముహూర్తం మెడ మీద పెట్టుకొచ్చిన పనికి జాస్తి అడుగుతాను, రాత్రి కూలీ రెట్టింపు కాబట్టి. పీయూ చేతికి అంటకపోయినా గట్టిపడటానికి వారం పడుతుంది. ఆలోపు కలశం పెట్టి, చెంబులు సర్దితే గుండ్రటి ముద్రలు పడతాయి, అవి మన తప్పు కిందికి వస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకు రోజులు కలుపుకోండి. తేమలో ఎన్‌సీ లక్కర్, అంటే త్వరగా ఆరే నైట్రోసెల్యులోజ్ పూత, కొడితే పాలు చల్లినట్టు మబ్బు పడుతుంది. 2021 నవంబరు వరదలో నా షెడ్డులోకి నీళ్ళొచ్చి, కింది వరసలో ఆనించిన ఎండీఎఫ్, అంటే చెక్క పొట్టు నొక్కి చేసిన బోర్డు, తలుపులు బ్రెడ్డు ముక్కల్లా ఉబ్బాయి. అప్పటి నుంచి ఇటుకల మీద పెడుతున్నాను.

జీఎస్టీ గురించి ఎవరో చీటీ పంపారు. మన పనుల మొత్తం ఏడాదికి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. రిజిస్ట్రేషన్ లేని వాళ్ళు బిల్లులో జీఎస్టీ వసూలు చేయకూడదు. కానీ రంగు డబ్బా మీద మనం కట్టే 18 శాతం తిరిగి రాదు, అది మన ఖర్చే. అది 2018 జులై దాకా 28 ఉండేది. మిగతాది మీ ఆడిటరును అడగండి, నేను పెయింటరును.

కొన్ని పనులు వదిలేయండి. పార్టికల్ బోర్డు తడిసి ఉబ్బి ఉంటే, మైకా అంచులు లేచి ఉంటే, "దీనికి రంగు నిలవదమ్మా, కార్పెంటరును పిలవండి" అని కాఫీ తాగి లేచి రండి. దుడ్లకు ఆశపడి ఒప్పుకుంటే ఆరు నెలల్లో పొట్టు లేస్తుంది, ఆ ఇంటి ముందు నుంచి స్కూటరు మీద పోవాలన్నా సందు మార్చుకోవాలి. చంద్రగిరి రోడ్డులో నాకట్లాంటి సందు ఒకటి ఉంది.

టీ వస్తున్నట్టుంది. ఈ తలుపు ముఖమే కదా ఇందాక చూశారు. ఇప్పుడు తిప్పుతున్నాను. ఇదిగో, పై బందు దగ్గర స్క్రూ రంధ్రం పగిలి, ఎవరో అగ్గిపుల్లలు కుక్కారు. కింది అంచు చేత్తో నొక్కితే మెత్తగా దిగుతోంది. ఈ మూల చూడండి, పాత ఎనామిల్ కింద ఇంకో రంగు, దాని కింద వార్నిష్. దగ్గరికి రండి, గోరుతో గీకి చూడండి. చూశాక టోకెన్ మీద మొదటి రేటు కొట్టేయకుండా, దాని కింద రెండో రేటు రాయండి.