ముక్కలోనూ బొమ్మ ఉండాలి

సభకు నమస్కారం.

హనుమకొండలో చాలా ఏళ్లుగా ఫొటో స్టూడియో నడుపుతున్న నేను, పెద్ద ఫిల్ము వాడే లార్జ్ ఫార్మాట్ కెమెరాతో తీసిన కళాత్మక ఛాయాచిత్రాలను, ముక్కలు పేర్చి బొమ్మ పూర్తిచేసే జిగ్‌సా పజిళ్లుగా మలచడం గురించి ఈరోజు మాట్లాడదలచుకున్నాను.

1760లలో లండన్‌లో పటాలు చెక్కే జాన్ స్పిల్స్‌బరీ, పిల్లలకు భూగోళం నేర్పడానికి దేశాల పటాన్ని పలుచని చెక్కకు అతికించి సరిహద్దుల వెంట రంపంతో కోశాడు. అక్కడ ఒక్కో ముక్క ఒక్కో దేశం కాబట్టి ఏ ముక్క చేతికొచ్చినా దానికొక అర్థం ఉండేది. ఇప్పటి అట్ట పజిళ్లను కోసే ఉక్కు అచ్చుకు బొమ్మతో పనిలేదు, అది ముఖాన్నీ గోడనూ ఒకేలా కోసేస్తుంది. అందువల్ల ప్రతి ముక్కకూ అర్థం ఇవ్వవలసిన బాధ్యత ఛాయాచిత్రం మీదే పడుతుంది.

చిన్న ఫొటో ఆ బరువు మోయలేదని నాకు అనుభవం మీదనే తెలిసింది. రామప్ప గుడిని మామూలు 35 మి.మీ. కెమెరాతో తీసి, 20×25 అంగుళాలకు పెంచి, వెయ్యి ముక్కలుగా కోయించాను. గోడకు తగిలిస్తే ముచ్చటగా ఉండేదే. కానీ నా మనవరాలు ఒక ముక్కను వెలుతురుకు పట్టి, "తాతా, ఈ ముక్కల ఏం కనపడ్తలేదు" అన్నది. అప్పుడు కూర్చుని లెక్క వేశాను. ఆ చిన్న ఫిల్ము మీద ఒక్కో ముక్కకు దక్కిన చోటు 1 మి.మీ. భుజం ఉన్న చదరమంత కూడా లేదు. అదే 8×10 అంగుళాల ఫిల్మయితే ఒక్కో ముక్కకు దాదాపు 7 మి.మీ. భుజం ఉన్న చదరం దక్కుతుంది, బొమ్మను రెండున్నర రెట్లు పెంచితే చాలు.

ఆ పెద్ద ఫిల్ము కెమెరాతో పని నిదానంగా సాగుతుంది. కొలిమితిత్తిలాంటి మడతల పెట్టె వెనుక, నల్లగుడ్డ కప్పుకుని, గరుకు అద్దం మీద తలకిందులుగా పడే బొమ్మను భూతద్దంతో అంగుళం అంగుళం పరిశీలించాలి. లెన్సును కొద్దిగా వంచితే దగ్గరి మెట్టు, దూరపు గోడ రెండూ స్పష్టంగా నిలుస్తాయి. పజిల్ పేర్చేవారు తర్వాత గంటల తరబడి చూసే చూపును ఫొటో తీసేవారు ముందే చూసి ఉంటారన్నమాట. ఈ రెండు పనులకూ పొత్తు అక్కడే కుదిరిందని నేను నమ్ముతాను.

1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి చూరు కింది మదనికలను, అంటే నల్లరాతి స్త్రీ శిల్పాలను, తెల్లవారి ఏటవాలు ఎండలో పెద్ద ఫిల్ము మీద మళ్లీ తీశాను. ఈసారి మనవరాలి చేతికొచ్చిన ఒక ముక్కలో ఒక పాదం, ఎత్తు మడమ ఉన్న పాదరక్ష, దాని పక్కన రాతి మీద నిగనిగలాడే సన్నని వెలుతురు గీత కనిపించాయి. ఎన్నోసార్లు ఆ గుడికి వెళ్లివచ్చిన మా ఇంటివాళ్లు ఆ పాదరక్షను మొదటిసారి గమనించింది ఆ ముక్కలోనే.

అలాగని పెద్ద ఫిల్ము మీద తీసిన ప్రతి చిత్రమూ పజిల్‌కు పనికొస్తుందని కాదు. మబ్బు లేని ఆకాశం సగం ఆక్రమించిన చిత్రాన్ని ఎంత పెద్ద ఫిల్ము కూడా కాపాడలేదు, ఎందుకంటే ఆ ముక్కలను ఒకదానిలో ఒకటి ఇమిడే బుడిపెల ఆకారం చూసి మాత్రమే కలపాలి. నలుపు తెలుపు చిత్రమైతే రంగు ఆసరా ఉండదు, రాయి గరుకును, నీడ ముదురును పోల్చుకుంటూ పేర్చాలి. కష్టమే అయినా, శిల్పానికి అదే తగినదని నా అభిప్రాయం. ముద్రణ మాత్రం మెరుపు లేని కాగితం మీదే ఉండాలి, లేకపోతే దీపం వెలుగు పడి ముక్కలోని వివరం కనిపించదు.

ఇక కోత సంగతి. నిర్మల్ బొమ్మలకు వాడే పొణికి చెక్క మెత్తనిది కాబట్టి సన్నని బుడిపెలు విరిగిపోతాయి, ప్లైవుడ్డే మేలు. కానీ ఆ పనివారి చేతిలోని ఒడుపు ఈ కోతకు కావాలి. అచ్చుతో కాక చేత్తో కోస్తే, స్పిల్స్‌బరీ సరిహద్దుల వెంట కోసినట్టు, మదనిక నడుము వంపు వెంటే రంపాన్ని నడిపించవచ్చు. అలా కోయించిన మొదటి పజిల్‌ను బయట వరండాలో బల్ల మీద పరిచాను. అంచులు పేర్చి ఉంచాను, మిగతాది మీ చేతుల కోసం వదిలాను.