మూడో అంతస్తు మెట్లు

(ఒంగోలులో కాలేజీ విద్యార్థుల సహవాస కూడికలో చేసిన ప్రసంగం)

తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ, ముందు వరసలో కూర్చున్న పెద్దలకీ వందనాలు.

నన్ను పిలవడానికి ఫోన్ చేసిన తమ్ముడు "అక్కా, సహవాసం అనే అంశం మీద మాట్లాడాలి, నలభై నిమిషాలు" అన్నాడు. సరేనన్నాను. కాసేపటికి మళ్లీ ఫోన్. "అక్కా, ముప్ఫై నిమిషాలైనా పర్లేదు. వంటవాళ్లు ఒంటిగంటకల్లా దించేస్తామంటున్నారు, అన్నం చల్లారిపోద్ది." అన్నం చల్లారిపోతుందని దిగులుపడ్డ ఆ తమ్ముడికి సహవాసం గురించి నేను కొత్తగా చెప్పాల్సింది పెద్దగా లేదు. మిగతావాళ్ల కోసం మాట్లాడతాను.

మన ఇళ్లలో 'సావాసం' అంటే అంత మంచి మాటేం కాదు. మార్కులు తగ్గితే మీ నాన్నగారు మొదట అడిగేది "ఎవరితో సావాసం చేస్తున్నావ్?" అనే. ఆర్నెల్లు సావాసం చేస్తే వీరు వారవుతారని సామెత కూడా ఉంది. మన ఊళ్లవాళ్ల దృష్టిలో అది మనిషినే మార్చేసేంత బలమున్న సంగతి. ఒకే అరుగు మీద కూర్చోవడం, ఒకరి చెప్పులు ఒకరు వేసుకుపోవడం, ఒకడి అప్పు ఇంకొకడు తీర్చడం. చర్చిలోకి వచ్చేసరికి ఆ మాటకి 'హ' తోడైంది, బలం కాస్త తగ్గింది. "సహవాసం ఎన్నింటికి?" "ఆరున్నరకి." "అయిపోయిందా?" "ఇప్పుడే ముగింపు ప్రార్థన అయింది." వాసం అంటే ఉండటం కదా. ఆరున్నరకి మొదలై ఎనిమిదికి అయిపోయే వాసం ఎలాంటిదో నాకైతే అర్థం కాదు.

మీ బ్యానర్ మీద అపొస్తలుల కార్యాలు 2:42 రాశారు. బోధ, సహవాసం, రొట్టె విరవడం, ప్రార్థన అని నాలుగున్నాయి అందులో. మొదటిదానికీ చివరిదానికీ మనం టైమ్ టేబుల్ వేసుకున్నాం, కోఆర్డినేటర్లని పెట్టుకున్నాం. మధ్యలో రెండింటికీ ఎవరున్నారు?

ఇది ఒంగోలు కాబట్టి ఒక మాట. ఈ జిల్లాలో పెరిగిన బాప్టిస్టు పిల్లలకి 2,222 అనే అంకె తెలిసే ఉంటుంది. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. సండే స్కూల్ క్విజ్‌లో తప్పకుండా వచ్చే ప్రశ్న. నేను మాత్రం 5 దగ్గర ఆగుతాను. అంతకు 24 ఏళ్ల ముందు, 1854 జనవరి 1 తెల్లవారుజామున, ఈ ఊరి కొండ ఎక్కి ప్రార్థన చేసినవాళ్లు అయిదుగురే. నెల్లూరు నుంచి వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జూయెట్ దొర, ఆయన భార్య, నెల్లూరు జూలియా, మరో ఇద్దరు తెలుగువాళ్లు. తెలుగు మిషను దండగ, మూసేద్దామా అని అమెరికాలో అప్పటికి మాటలు నడుస్తున్నాయి. ఆ అయిదుగురిలో దొరల జీతం వేరు, మనవాళ్ల బతుకు వేరు. అయినా చీకట్లో ఒకరి వెనక ఒకరు కొండ ఎక్కారు. మన ఫెలోషిప్పుల్లో "ఈసారి ఎనిమిదిమందే వచ్చారక్కా" అని నీరసపడే సెక్రటరీలు ఒక పొద్దున ఆ కొండ ఎక్కి రండి.

ఇక నా సంగతి. మీ ముందు ఒప్పుకోవాల్సింది ఒకటుంది. అది చెప్పాలనే వచ్చాను.

నేను ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలో మా లేడీస్ హాస్టల్ ఫెలోషిప్‌కి సెక్రటరీని. మంగళవారం రాత్రి భోజనాలయ్యాక కింద స్టడీ హాల్లో కూడుకునేవాళ్లం. మాలో ఒకమ్మాయి ఉండేది, పేరు చెప్పను. పాడటం అంతంతమాత్రం, దరువు మాత్రం అద్భుతంగా వేసేది. వాయిద్యాలేం లేవు మాకు. తన స్టీలు కంచం బోర్లించి, వేళ్లతో, మణికట్టుతో వాయించేది. ఆ కంచం అంచు మీద చుక్కలు చుక్కలుగా వాళ్లమ్మ పేరు కొట్టించి ఉండేది, పెళ్లిళ్లలో సామాను కలిసిపోకుండా కొట్టిస్తారే, అలాగ. కీర్తన మూడో చరణానికొచ్చేసరికి దరువు జోరందుకునేది. ఆ కంచం మోతకి వార్డెన్ రెండుసార్లు వచ్చి తిట్టింది కూడా.

ఒక మంగళవారం తను రాలేదు. రెండో మంగళవారం రాలేదు. మూడో వారం నేను ప్రార్థన అంశాల్లో చేర్చాను. ఎలా చేర్చానో ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "ఆత్మీయంగా చల్లారిపోయిన మన సిస్టర్ కోసం." అందరూ తలలూపారు. ఒకమ్మాయి "లోకంలో పడిపోయిందట" అంది. ఇంకొకమ్మాయి "ఎవరితోనో ఫోన్లో ఎక్కువ మాట్లాడుతోందట" అంది. ప్రార్థన అంశం అనగానే మనకి వివరాలు కావాల్సొస్తాయి చూడండి. కన్నీళ్లతో ప్రార్థన చేశాం. నిజంగానే కన్నీళ్లు వచ్చాయి నాకు. తన గది మూడో అంతస్తులో. స్టడీ హాల్ నుంచి సరిగ్గా రెండు నిమిషాలు.

అయిదో వారం వేరే పనిమీద మూడో అంతస్తుకి వెళ్లి, తలుపు తీసుంటే తొంగిచూశాను. గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అలమారలో కంచం. దుమ్ము పట్టి ఉంది, వేలితో గీస్తే గీత పడేంత. మెస్‌కి వెళ్లే మనిషి కంచానికి దుమ్మెలా పడుతుంది?

వాళ్ల నాన్న పొగాకు బ్యారన్లో కూలి. ఆ సీజన్ పని సరిగా లేదు. రెండు నెలల మెస్ బిల్లు, 1,400 రూపాయలు బాకీ. మెస్‌లో పేరు కొట్టేశారు. మరి అన్నాళ్లూ ఏం తింది? ఎదురుగది అమ్మాయి, ముస్లింపిల్ల, మెస్‌లో రెండోసారి వడ్డించుకుని టిఫిన్ బాక్సులో పెట్టి తెచ్చిచ్చేది. ఆ పిల్ల నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "మీరు కింద పాడుతుంటే ఇక్కడికి వినపడేదక్కా. ఇది దుప్పటి ముసుగేసుకునేది" అని మాత్రం చెప్పింది. ఎందుకు రావట్లేదో తనని అడిగితే, "కంచం తీసుకుని కిందికొస్తే మెస్ ముందు నుంచే రావాలి కదక్కా" అంది.

చల్లారిపోయిందని నేనన్నది ఆ అమ్మాయినే.

ప్రార్థన మీద వెటకారంగా ఈ మాట చెప్పట్లేదు. ఇవాళ్టికీ నేను ప్రార్థన చేసే మనిషినే. కానీ "ప్రేయర్ చేస్తానక్కా" అనేది మన మధ్య ఫోన్ పెట్టేయడానికి వాడే మాట అయిపోయింది. అవతలివాళ్ల కష్టం వినడం ఇక నావల్ల కాదు అని మర్యాదగా చెప్పడం. అలా అనేముందు ఒక్కసారి వాళ్ల గది ఏ అంతస్తులో ఉందో చూసుకోండి.

ఆ తర్వాత మేం ఒక హార్లిక్స్ సీసా పెట్టాం. నా గదిలో, కిటికీలో. వీలైనవాళ్లు వెయ్యాలి, అవసరమైనవాళ్లు తీసుకోవాలి, ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. మొదటి రెండు నెలలు బ్రహ్మాండం. మూడో నెల సీసా ఖాళీ. ఎవరు తీశారో తెలియదు. ఒకమ్మాయి సెల్ రీచార్జ్‌కి తీసిందని గుసగుసలు. పుస్తకం పెట్టి లెక్క రాయాల్సిందే అని నేను పట్టుబట్టాను. తర్వాత నాకు బ్యాంకులో ఉద్యోగం వచ్చిందంటే ఊరికే రాలేదు. మా జూనియర్ ఒకమ్మాయి ఒప్పుకోలేదు. "లెక్క రాస్తే మూడో అంతస్తు అక్క తీసుకుంటుందా?" అంది. రాత్రి పదకొండు దాకా గొడవ. ఏడ్చినవాళ్లు ఏడ్చారు. చివరికి పుస్తకం పెట్టలేదు. సీసా ఇంకోసారి కూడా ఖాళీ అయింది. మళ్లీ నింపాం. సరైన పద్ధతేనా అని ఇప్పుడడిగినా నేను గట్టిగా చెప్పలేను.

గలతీ పత్రిక ఆరో అధ్యాయం నాకు అప్పుడే ఎక్కింది. రెండో వచనంలో ఒకరి భారాలు ఒకరు భరించండి అంటాడు పౌలు. మూడు వచనాలు దాటగానే, ప్రతివాడూ తన బరువు తానే భరించుకోవాలి అంటాడు. మొదట చదివినప్పుడు ఇదేంటి, మాట మార్చాడు అనుకున్నాను. కానీ మన తెలుగు బైబిల్లో అక్కడ రెండు వేర్వేరు మాటలున్నాయి, ఒకచోట భారం, ఇంకోచోట బరువు. మూలంలోనూ రెండూ వేరు మాటలే. మెస్ బాకీ, నాన్న ఆస్పత్రి, అక్క పెళ్లి అప్పు, ఇవి భారాలు. ఒక్కరి వీపు సరిపోదు, తలో చెయ్యి వెయ్యాలి. అసైన్‌మెంట్, బ్యాక్‌లాగ్, పొద్దున్నే లేవడం, ఇవి ఎవరి బరువు వాళ్లదే. ఫెలోషిప్ అన్నయ్య రికార్డులు చెల్లెళ్లు రాసిపెట్టడం నేను చూశాను. పరిచర్య అంట అది! కాదు తమ్ముడూ, నీ బరువు నువ్వు మొయ్యి.

అన్నయ్యలూ చెల్లెళ్లూ అన్నాను కదా. ఫస్టియర్ పిల్ల రాగింగ్ భయంతో హాస్టల్లో అడుగుపెట్టిన రోజున "అక్కా" అని పిలవడానికి ఒక మనిషి దొరకడం చిన్న విషయం కాదు. కానీ అన్నకి అధికారం కూడా తొందరగానే వస్తుంది. నా మొదటి కూడికలోనే ఒక సీనియర్ అక్క "కమ్మలు తీసేస్తే బావుంటుంది" అంది. మా లూథరన్ చర్చిలో అలాంటి పట్టింపు లేదు. అవి మా అమ్మమ్మ కమ్మలు. నేను తీయలేదు, ఆమె నాతో నెల రోజులు మాట్లాడలేదు. తర్వాత నాకు టైఫాయిడ్ వస్తే జావ కాచి తాగించింది మళ్లీ ఆమే. పెంతెకొస్తు, బ్రదరన్, సీఎస్ఐ, బాప్టిస్టు, ఇంట్లో తెలియకుండా వచ్చేవాళ్లు, వీళ్లంతా బయట ఒకే గుడి మెట్లు ఎక్కరు. హాస్టల్ గదిలో ఒకే చాప మీద కూర్చుంటారు. బాప్తిస్మం అంటే ఒకరు చిలకరింపు అంటారు, ఇంకొకరు ముంచడం అంటారు. వాదించుకోండి, పర్లేదు, కానీ జావ ఆపకండి.

ఇంకో విషయం గట్టిగా చెప్పాలి. ఫోటోలు. ఇందాక పాటలప్పుడు పది ఫోన్లు లేచాయి. ఈ హాల్లో ఇంట్లో చెప్పకుండా వచ్చినవాళ్లు ఉండొచ్చు. సర్టిఫికెట్ గురించి భయపడేవాళ్లూ ఉండొచ్చు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదు, మన రాష్ట్రంలో బీసీ-సీలోకి వస్తాడు. ఫీజు రీయింబర్స్‌మెంట్, సీటు, రేపటి ఉద్యోగం, అన్నీ ఆ కాగితం మీదే ఆధారపడ్డ ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు మనలో ఎందరో. వాళ్ల మనస్సాక్షి మీద తీర్పరులుగా మనల్ని ఎవరూ కూర్చోబెట్టలేదు. అడక్కుండా ఎవరి ఫోటో స్టేటస్‌లో పెట్టకండి. పెట్టినవి ఇప్పుడే తీసేయండి, నేను ఆగుతాను.

సరే.

క్రైస్తవ విద్యార్థుల సంఘం యూఈఎస్ఐ (యూనియన్ ఆఫ్ ఇవాంజెలికల్ స్టూడెంట్స్ ఆఫ్ ఇండియా) 1954లో మొదలైంది. దాని కింద చాలా కాలేజీల్లో ఈయూలు, అంటే ఇవాంజెలికల్ యూనియన్లు ఉన్నాయి, మీలో సగం మంది అందులోంచే వచ్చారు. విద్యార్థుల పని విద్యార్థులే నడుపుకోవాలన్నది అక్కడి పద్ధతి. నాకిది ఇష్టం, భయం కూడా. చర్చికి తాతలుంటారు. మనకి తాత అంటే ఫైనల్ ఇయర్ కుర్రాడు. నాలుగేళ్లకి ఊరంతా ఖాళీ అయి, కొత్త ఊరు దిగుతుంది. మా హార్లిక్స్ సీసా నేను వచ్చేశాక రెండేళ్లకే మాయమైందని విన్నాను. ఎవరినీ తప్పు పట్టను. మీ సీసా మీరే వెతుక్కోవాలి.

ఈ ఒంగోలులోనే పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లో దొర సంగతి చెప్పి ముగిస్తాను. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకి తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు. కూలి ఇస్తున్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. గంజి కోసం ఎవరూ పేరు రాయించుకోకూడదని. ఆ 2,222 కరువు పని ముగిశాక సంగతి. ఎదురుగది అమ్మాయికి నోట్సు ఇచ్చేటప్పుడు, జ్వరమొస్తే టాబ్లెట్ తెచ్చిచ్చేటప్పుడు "ఆదివారం మా కూడికకి రావాలి మరి" అని తోక తగిలించకండి. మా ముస్లిం చెల్లెలు టిఫిన్ బాక్సుతో పాటు మా స్నేహితురాలికి ఏ షరతూ అందించలేదు.

వంటవాళ్లు చెయ్యి ఊపుతున్నారు. సువార్తికుడు బక్త్ సింగ్ గారు హైదరాబాదు హెబ్రోనులో పెట్టిన కూటాల్లో ప్రేమవిందుకి వేలమంది నేలమీదే బంతులు తీరేవారు, ఎవరి పక్కన ఎవరు అని చూసుకోకుండా. ఇక్కడా చాపలే పరిచారు. కాబట్టి ఏర్పాట్లు చెబుతున్నాను, వినండి. మొదటి బంతిలో ఫస్టియర్ వాళ్లు కూర్చోండి. మీ కాలేజీవాళ్లంతా ఒకేచోట గుంపు కట్టొద్దు. ఫైనల్ ఇయర్, కమిటీ, వడ్డన మీది. సాంబారు బకెట్ నాకివ్వండి. మోకాలు నొప్పిగా ఉంది, చివరి వరస దాకా నడవలేను, అక్కడికి ఎవరైనా రెండో బకెట్ పట్టుకుని రండి.