విజువల్ బేసిక్: తొలిమెట్టు ఎక్కడ విరిగింది?

వ్యాఖ్యాత: నమస్కారం. కొత్తవారి కోసమే పుట్టిన బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషకు వారసురాలై, ఒకప్పుడు విండోస్ ప్రోగ్రామింగ్‌కు ముఖద్వారంగా నిలిచిన విజువల్ బేసిక్ ఎందుకు క్షీణించిందో, దాన్ని నేర్చుకునేవారి బృందాలు ఎందుకు చెదిరిపోయాయో ఈరోజు చర్చిద్దాం. ముందుగా మీరు చెప్పండి, మేడమ్.

అధ్యాపకురాలు: నమస్కారమండీ. 1964లో డార్ట్‌మత్ కళాశాలలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ బేసిక్‌ను రూపొందించినప్పుడు, సైన్సు చదవని విద్యార్థి కూడా కంప్యూటర్ చేత పని చేయించగలగాలన్నదే వారి ఉద్దేశం. 1991లో వచ్చిన విజువల్ బేసిక్‌లో ఫారం అనే ఖాళీ విండో మీద ఒక బటన్ పెట్టి, దానిపై రెండుసార్లు క్లిక్ చేసి నాలుగు వరుసల కోడ్ రాస్తే చాలు, పనిచేసే ప్రోగ్రామ్ చేతికి వచ్చేది. నడుస్తున్న ప్రోగ్రామ్‌ను మధ్యలో ఆపి, తప్పున్న వరుసను అక్కడికక్కడే దిద్ది, మళ్లీ అక్కడినుంచే నడిపించే వీలుండడంతో కొత్తవారికి తప్పు చేయడమంటే భయం ఉండేది కాదు. ఆ భాష ఇచ్చిన అతి పెద్ద కానుక అదేనని నేను నమ్ముతాను.

వ్యాఖ్యాత: 2002లో మైక్రోసాఫ్ట్ వారి కొత్త ప్రోగ్రామింగ్ వేదిక డాట్‌నెట్ వచ్చాక విజువల్ బేసిక్‌లో ఏమి మారింది?

ప్రోగ్రామర్: పేరు నిలిచింది, లోపలిది చాలావరకు మారిందండీ. ఎలాంటి విలువనైనా దాచుకునే వేరియంట్ రకం పోయింది, అనేక బటన్లను ఒకే పేరుతో నడిపే కంట్రోల్ అర్రేలు పోయాయి, పూర్ణాంకాలను దాచే 16 బిట్ల ఇంటీజర్ 32 బిట్లదైంది. మేడమ్ చెప్పిన దిద్దుబాటు సౌకర్యం సైతం 2005 వెర్షన్ దాకా తిరిగి రాలేదు. మార్పు అనవసరమని నేను అనను. ఒక కోడ్ భాగం గుణాలను మరొకటి వారసత్వంగా పొందే పూర్తిస్థాయి ఇన్‌హెరిటెన్స్, డాట్‌నెట్‌కు ముందరి వెర్షన్ అయిన విజువల్ బేసిక్ 6 (వీబీ6)లో లేదన్నది నిజమే. అయితే పాత కోడ్‌ను ఎలాగూ తిరగరాయవలసి వచ్చినప్పుడు, అనుభవజ్ఞులు చాలామంది నేరుగా డాట్‌నెట్‌లోని మరో భాష సీ షార్ప్‌కే వెళ్లిపోయారు.

అధ్యాపకురాలు: అడ్డువస్తున్నందుకు మన్నించండి, నష్టమంతా అక్కడే జరిగింది. కొత్తవారి సందేహాన్ని ఓపికగా తీర్చేది సాధారణంగా నిన్నమొన్న అదే సందేహంతో తల పట్టుకున్నవారే. అలా సాయపడేవారి వరుస ఖాళీ అయ్యాక, తన లూప్ (పదేపదే నడిచే కోడ్) ఎందుకు ఆగడం లేదని అడిగిన విద్యార్థికి, ముందు భాష మార్చుకొమ్మన్న సలహాయే ఎదురైంది.

వ్యాఖ్యాత: అయితే భాష అంతరించిందనవచ్చా?

ప్రోగ్రామర్: అనలేమండీ. వీబీ6 అభివృద్ధి సాధనానికి 2008లో మద్దతు ఆగినా, దానితో తయారైన ప్రోగ్రామ్‌లు నేటి విండోస్‌లోనూ నడుస్తున్నాయి. కాకపోతే విజువల్ బేసిక్‌ను భాషగా ఇక విస్తరించే ఆలోచన లేదని మైక్రోసాఫ్ట్ 2020 మార్చిలో ప్రకటించింది.

అధ్యాపకురాలు: కొత్తవారు ఇప్పుడు పైథాన్ అనే భాషతో మొదలుపెడుతున్నారు, సంతోషమే. కానీ తాను పెట్టిన బటన్ మొదటి గంటలోనే తన మాట వినడం చూసే అనుభవం అక్కడ అంత తేలికగా దొరకదు. పాఠ్యప్రణాళికలు రాసేవారు ఆ ఒక్కదాన్నైనా తిరిగి తేవాలని కోరుతున్నాను.