ఉదయం లిండోస్, సాయంత్రం రోడ్స్ పాతనగరం: ద్వీపంలో తీరికగా ఒక రోజు

నమస్కారం. గ్రీసులోని రోడ్స్ ద్వీపంలో సముద్రతీరపు రిసార్టుకు సెలవులు గడపడానికి వెళ్లినవారు, ఒక్క రోజు బయటికి వచ్చి ఊళ్లు చూడదలిస్తే ఆ రోజును ఎలా నడుపుకోవచ్చో ఈ వీడియోలో చెబుతాను. రిసార్టుల్లో అమ్మే పర్యటనలు చాలావరకు ఒకే రోజులో ఆరేడు చోట్లు తిప్పుతాయి. పిల్లలతోనో పెద్దవాళ్లతోనో వెళ్లినవారికి ఆ పద్ధతి బొత్తిగా సరిపడదు. నా సలహా ఏమిటంటే, చూసేవి రెండే పెట్టుకుని, మధ్యాహ్నం ఏమీ పెట్టుకోకుండా ఉండడం. ఈ ద్వీపంలో ప్రతి కట్టడాన్నీ ఒకరు కట్టగా మరొకరు కూల్చారు, ఇంకొకరు తిరిగి నిలబెట్టారు. ఏ రాయి ఎవరిదో గమనించేంత సమయం లేకపోతే ఇక్కడ చూడవలసిన అసలు విషయం కంటబడదు.

ఏజియన్ సముద్రానికి ఆగ్నేయ మూలన, టర్కీ తీరానికి సుమారు 18 కిలోమీటర్ల దూరంలో ఈ ద్వీపం ఉంది. రిసార్టులు ఎక్కువగా తూర్పు తీరంలో, ముఖ్యంగా ఫాలిరాకి చుట్టుపక్కల ఉంటాయి. వేసవిలో వాయవ్యం నుంచి మెల్టెమి అనే గాలి బలంగా వీస్తుంది కనుక పడమటి తీరంలో కెరటాలు లేస్తాయి, తూర్పు తీరంలో మాత్రం నీరు నిలకడగా ఉంటుంది. ఫాలిరాకి నుంచి ఉత్తరాన సుమారు 14 కిలోమీటర్లు వెళితే రోడ్స్ పట్టణం, దక్షిణాన అంతకు రెండింతలకు పైగా వెళితే లిండోస్ గ్రామం. రెండింటికీ ప్రభుత్వ రహదారి మీదే బస్సులు నడుస్తాయి కాబట్టి కారు అద్దెకు తీసుకోవలసిన పని లేదు.

ముందుగా లిండోస్‌కే వెళ్లాలి, అదీ పొద్దున్నే. కొండమీది కోట వేసవిలో ఉదయం ఎనిమిదింటికి తెరుస్తారు. పది దాటితే పర్యటన బస్సులు, ఓడల మీద వచ్చే జనం ఒక్కసారిగా దిగుతారు, అప్పటికి ఎండ కూడా ముదురుతుంది. బస్సు ఊరి పైభాగంలోని కూడలిలో దింపుతుంది, అక్కడి నుంచి ఊళ్లోకి నడిచే వెళ్లాలి. తెరమీద కనిపిస్తున్నది ఆ కూడలి నుంచి ఊరి దృశ్యం: కింద తెల్లని ఇళ్ల గుంపు, పైన 116 మీటర్ల ఎత్తున కొండ, కొండ చుట్టూ గోధుమరంగు కోటగోడ. పైకి చేర్చడానికి గాడిదలు సిద్ధంగా ఉంటాయి. గాడిద మీద 100 కిలోలకు గానీ, దాని బరువులో ఐదో వంతుకు గానీ మించిన బరువు వేయరాదని గ్రీకు ప్రభుత్వం 2018లో నిబంధన పెట్టింది. అయినా, మోకాళ్లు సహకరించేవారు నడవడమే మేలని నా అభిప్రాయం. మెట్లు అరిగి నున్నగా అయిపోయాయి కనుక జారని చెప్పులు వేసుకోండి.

కోట ద్వారానికి చేరుకునే ముందు, మెట్ల దారి మొదట్లో ఒక్క నిమిషం ఆగాలి. కొండరాతిలోనే ఒక ఓడ వెనుక భాగాన్ని చెక్కారు. సుమారు క్రీ.పూ. 180 నాటి ఈ శిల్పం హాగెసాండ్రోస్ అనే నౌకాధిపతి గౌరవార్థం చేసినది, చెక్కినవాడు పైథోక్రిటోస్. ఓడ మీద నిలిచిన విగ్రహం ఇప్పుడు లేదు, దాని పీఠంగా ఉండిన ఓడ మాత్రం మిగిలింది. జనం ఇక్కడ ఆగకుండా పైకి తొందరపడుతుంటారు, నాకైతే కొండ మొత్తం మీద ఇదే అన్నిటికన్నా విలువైన చోటుగా తోస్తుంది. వ్యాపారం చేసి, నౌకలు నడిపి బతికిన ఒక ద్వీపం తన గురించి తాను ఏమనుకుందో ఈ ఒక్క రాయి చెబుతుంది.

పైన పొడవైన వరండా స్తంభాలు, వాటి వెనుక విశాలమైన మెట్లు, చివరన సముద్రం మీదికి వాలినట్లున్న అంచున ఎథీనా లిండియా అనే దేవత గుడి ఉన్నాయి. గుడి చిన్నదే, ఇప్పుడున్న రూపం క్రీ.పూ. 4వ శతాబ్ది చివరి నాటిది. అయితే ఈ గుడి ప్రతిష్ఠ దూరదేశాలకు పాకింది. ఈజిప్టు రాజు అమాసిస్ నారబట్టతో నేసిన కవచాన్ని ఇక్కడి దేవతకు సమర్పించాడని హెరోడొటస్ రాశాడు. క్రీ.పూ. 99లో ఊరివారు గుడికి అందిన కానుకల చిట్టా ఒకటి రాతిమీద చెక్కించారు. ద్రాక్షారామంలోనో సింహాచలంలోనో రాతిమీది దానశాసనాలు చూసినవారికి ఇది కొత్తగా అనిపించదు. ఒక్క తేడా ఉంది: ఈ చిట్టాలో అలెగ్జాండరుతోపాటు హెరాక్లీస్, ట్రాయ్ యుద్ధపు హెలెన్ వంటి పురాణ పాత్రల కానుకలు కూడా నమోదయ్యాయి. ఆ కానుకల్లో చాలావరకు అప్పటికి మిగిలి లేకపోయినా, పాత రాతలను, ఉత్తరాలను సాక్ష్యంగా ఉదహరించి మరీ రాశారు. డెన్మార్కు పరిశోధకులు 20వ శతాబ్ది తొలి సంవత్సరాలలో తవ్వకాలు జరిపినప్పుడు, ఈ శాసనం దగ్గరలోని ఒక చర్చి నేలలో పరచిన రాళ్లలో ఒకటిగా బయటపడింది. ఇప్పుడది కోపెన్‌హేగెన్‌లో ఉంది.

ఇక నిలబడి ఉన్న స్తంభాల సంగతి. 1912లో ఒట్టోమాన్ తుర్కుల నుంచి ఈ ద్వీపాన్ని గెలుచుకున్న ఇటలీ, రెండో ప్రపంచయుద్ధానికి ముందు ఇక్కడి స్తంభాలను కాంక్రీటు వాడి తిరిగి నిలబెట్టించింది. లోపలి ఇనుము తుప్పుపట్టి, కాంక్రీటు చిట్లి, ఆ మరమ్మతుకే మళ్లీ మరమ్మతు చేయవలసి వచ్చింది. దగ్గరగా వెళితే పాత రాయికీ కొత్త రాయికీ రంగులో తేడా కనిపిస్తుంది. చుట్టూ ఉన్న కోటగోడ గ్రీకులది కాదు, మధ్యయుగంలో సెయింట్ జాన్ సంఘం అనే క్రైస్తవ సైనిక సంఘపు వీరులు కట్టించినది. వారి కథ సాయంత్రానికి వస్తుంది.

కొండమీది నుంచి దక్షిణం వైపు చూస్తే దాదాపు నలువైపులా రాళ్లు మూసేసినట్లున్న చిన్న అఖాతం కనిపిస్తుంది. దానికి సెయింట్ పాల్ పేరు పెట్టారు. అపొస్తలుడైన పౌలు ఇక్కడ దిగాడని స్థానికుల నమ్మకం. అపొస్తలుల కార్యముల 21వ అధ్యాయంలో పౌలు ప్రయాణ మార్గంలో ఈ ద్వీపం ప్రస్తావన ఉన్న మాట నిజమే గానీ లిండోస్ పేరు మాత్రం అందులో లేదు. నమ్మకాన్ని పక్కన పెట్టినా ఈత కొట్టడానికి ఆ నీళ్లు చాలా బాగుంటాయి.

కొండ దిగాక ఊళ్లో ఒక గంట చాలు. 17వ శతాబ్దపు ఓడ యజమానుల ఇళ్లు కొన్ని తెరిచి ఉంటాయి. ముంగిళ్లలో నలుపు, తెలుపు గులకరాళ్లను నిలువుగా పేర్చి వేసిన ముగ్గుల్లాంటి నేల తప్పక చూడాలి. తరువాత ఒక కాఫీ. గ్రీకు కాఫీ అడిగేటప్పుడే చక్కెర ఎంతో చెప్పాలి, "మెత్రియో" అంటే ఒక మోస్తరు తీపితో ఇస్తారు. గ్లాసు అడుగున పొడి దిగుతుంది, దాన్ని తాగరు.

ఒంటిగంటలోపు రిసార్టుకు తిరిగి వచ్చేయాలి. ఫాలిరాకి దాటి రోడ్స్ పట్టణం వైపు వెళితే కలితేయా అనే చోట ఇటాలియన్లు 1920ల చివర్లో కట్టిన గుండ్రని స్నానశాల ఉందని, ఫొటోలు బాగా వస్తాయని చాలామంది చెబుతారు. బాగానే ఉంటుంది, కానీ ఆ ఎండలో నేను దాని కోసం ఆగను. మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా చిన్న ఊళ్లలో మనుషులు విశ్రాంతి తీసుకుంటారు, ఆ వేళలో గట్టిగా మాట్లాడడం కూడా మర్యాద కాదు. జూలై, ఆగస్టు నెలల వేడిని తేలికగా తీసుకోకూడదు. 2023 జూలైలో ఇదే ద్వీపంలో కార్చిచ్చు రేగినప్పుడు సుమారు 19,000 మందిని తీరప్రాంతాల నుంచి తరలించారు. వీలుంటే సెప్టెంబరులో రండి, సముద్రపు నీరు అప్పటికి జూన్ కన్నా వెచ్చగా ఉంటుంది.

అయిదు గంటలకు రోడ్స్ పట్టణానికి బస్సు ఎక్కండి. విహారనౌకల జనంలో చాలామంది ఆ వేళకు తిరుగుముఖం పడతారు. పాతనగరం చుట్టూ సుమారు నాలుగు కిలోమీటర్ల కోటగోడ ఉంది, 1988లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గోడ వెలుపలి కందకంలో ఎన్నడూ నీళ్లు నింపలేదు, ఇప్పుడది చెట్లతో నీడగా ఉన్న నడకదారి. రుసుము లేదు, జనం తక్కువ, దారి పక్కన రాతి ఫిరంగి గుండ్లు పడి ఉంటాయి. 1522లో ఒట్టోమాన్ సుల్తాన్ సులేమాన్ ఆరు నెలలు ముట్టడించి ఈ కోటను లొంగదీసుకున్నాడు. 1309 నుంచి ఇక్కడ పాలించిన సెయింట్ జాన్ సంఘపు వీరులు కోట అప్పగించి, ఓడలెక్కి వెళ్లిపోయారు.

లోపల వీరుల వీధి అనే రాతిబాట వాలుగా పైకి వెళుతుంది. ఆ సంఘంవారు తమ భాషలను బట్టి విభాగాలుగా ఏర్పడి, ఈ వీధిలో విడివిడిగా వసతిగృహాలు కట్టుకున్నారు. ద్వారాల మీద వంశచిహ్నాలు ఇంకా ఉన్నాయి. పైన ఆ సంఘపు అధిపతి ప్రాసాదం. దాన్ని చూసి అందరూ ముగ్ధులవుతారు, కానీ అది 1856లో పిడుగుపాటుకు ఎదుటి చర్చిలో దాచిన మందుగుండు పేలి శిథిలమైంది. ఇప్పుడు కనిపిస్తున్నది 1937–40 మధ్య ఇటాలియన్లు తమ అభిరుచికి అనుగుణంగా కట్టినది, లోపలి రంగురాళ్ల నేలలు కోస్ ద్వీపం నుంచి తెచ్చి పరిచినవి. ఒక్క టికెట్టే కొనదలిస్తే, ప్రాసాదం బదులు వీధి దిగువన ఉన్న పురావస్తు ప్రదర్శనశాలకు కొనమంటాను. అది 15వ శతాబ్దంలో ఆ సంఘం నడిపిన ఆసుపత్రి భవనం. రోగుల మంచాలు వేసిన పొడవాటి గది అలాగే ఉంది. మూసివేసే వేళ మాత్రం ముందే చూసుకోండి.

అక్కడి నుంచి తూర్పుకు నడిస్తే పాత యూదుల వాడ వస్తుంది. 1577 నాటి కహల్ షాలోమ్ ప్రార్థనామందిరం ఇక్కడే ఉంది, గ్రీసులో నేటికీ వాడుకలో ఉన్న మందిరాలలో ఇదే అత్యంత ప్రాచీనం. 1944 జూలైలో జర్మన్ సైన్యం ఈ వాడలోని 1,600 మందికి పైగా యూదులను ఓడలెక్కించి, ఆష్విట్జ్ మృత్యుశిబిరానికి పంపింది. తిరిగి బతికి బయటపడినవారు కొద్దిమందే. సముద్రపు గుర్రాల ఫౌంటెను ఉన్న కూడలిలో వారి స్మారకశిల ఉంది. చుట్టూ హోటళ్ల బల్లలు కిక్కిరిసి ఉంటాయి కనుక వెతికితేనే కనబడుతుంది.

భోజనానికి కూడలి వదిలి సందుల్లోకి వెళ్లండి. శాకాహారులు పితరూదియా అడగాలి. కాబూలీ శనగలు, ఉల్లిపాయ, టమాటా, పుదీనా కలిపి ముద్దచేసి నూనెలో వేయించే ఈ వంటకం ఈ ద్వీపానికి ప్రత్యేకం. దానితో పాటు టమాటా, కీరా, ఫెటా జున్ను వేసిన పల్లెటూరి సలాడ్ తీసుకుంటే ఇద్దరికి కడుపు నిండుతుంది.

బస్సుకు ముందు మండ్రాకి రేవు. రేవు ముఖద్వారానికి ఇరువైపులా స్తంభాల మీద జింకల విగ్రహాలు ఉంటాయి. ప్రాచీన ప్రపంచపు ఏడు వింతలలో ఒకటైన సూర్యదేవుడి కంచు విగ్రహం, సుమారు 33 మీటర్లది, సరిగ్గా ఇక్కడే రెండు కాళ్లు చాపి నిలబడిందని, ఓడలు దాని కాళ్ల మధ్య నుంచి వెళ్లేవని గైడ్లు చెబుతారు. అది మధ్యయుగపు కల్పన. లిండోస్‌కు చెందిన ఖారెస్ పోతపోసిన ఆ విగ్రహం క్రీ.పూ. 226 ప్రాంతపు భూకంపంలో మోకాళ్ల దగ్గర విరిగి నేలమీద పడింది. రేవుకు అడ్డంగా నిలిచినదే అయితే నీళ్లలో పడి రేవునే మూసేసేది కదా. అది నిలిచిన చోటు నేటికీ తేలలేదు. ఫాలిరాకి వెళ్లే బస్సులు ఈ రేవు దగ్గరి నుంచే బయలుదేరతాయి, చివరి బస్సు ఎన్నింటికో పొద్దున బయలుదేరేటప్పుడే కనుక్కుని ఉంచుకోండి.