రాయి తిప్పి చూపించిన మనిషి

శ్రోతలకు నమస్కారం.

గాలం వేయడానికి ఏటికి వచ్చిన మనిషి ముందుగా ఏం చేస్తాడు? మా ఊళ్ళో అయితే పెంటకుప్ప పక్కన తడినేల తవ్వి ఎర్రల్ని ఏరుకుంటాడు. రెండేళ్ళ కిందట ఆగస్టులో, అమెరికా పశ్చిమాన మోంటానా రాష్ట్రంలో, మాడిసన్ అనే నది ఒడ్డున మా గైడ్ చేసిన మొదటి పని వేరు. పొద్దున్న ఆరున్నరకి, పడవ ఇంకా బండి మీదే ఉండగా, మోకాలి లోతు నీళ్ళలోకి దిగి కొబ్బరికాయంత రాయి ఒకటి పైకి తీశాడు. దాన్ని తిరగేసి నా చేతికిచ్చాడు. "ఇవాళ చేపల వంటింట్లో ఏముందో చూడండి" అన్నాడు.

నేను పుట్టింది కోనసీమలో. మా తాతయ్య సాయంత్రాలు కాలవగట్టున కూర్చుని, వెదురు కర్రకి గాలం కట్టి, బెండు ఎప్పుడు మునుగుతుందా అని చూసేవాడు. జెల్లలు పడేవి, అదృష్టం బాగుంటే కొర్రమీను. చేపల వేట గురించి నాకు తెలిసిందంతా ఆయన పక్కన కూర్చుని తెలుసుకున్నదే. సియాటిల్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు అల్లుడు, "మావయ్యగారూ, ఒక్కసారి ట్రౌట్ చేపల కోసం వెళ్ళొద్దాం, గైడ్‌ని మాట్లాడాను" అన్నాడు. రోజంతా కారులో తూర్పుకి ప్రయాణం చేసి ఎన్నిస్ అనే చిన్న ఊరు చేరాం.

మాడిసన్ నది ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులో మొదలవుతుంది. వేడినీటి బుగ్గల మధ్య నుంచి వచ్చే ఫైర్‌హోల్, దానికి తోడు గిబ్బన్, ఈ రెండు ఏళ్ళూ కలిసిన చోటి నుంచి దాని పేరు మాడిసన్. ఉత్తరంగా పారి, త్రీ ఫోర్క్స్ దగ్గర జెఫర్సన్, గాలటిన్ నదులతో కలిసి మిస్సోరి అవుతుంది. 1805 జూలైలో లూయిస్, క్లార్క్ అనే అన్వేషకుల బృందం ఆ సంగమానికి చేరుకుని మూడు పాయలకీ అప్పటి అధ్యక్షుడి పేరు, ఆయన మంత్రులిద్దరి పేర్లు పెట్టింది. మేం పడవ దించిన లయన్స్ బ్రిడ్జికి ఎగువన క్వేక్ లేక్ అనే సరస్సుంది. 1959 ఆగస్టు 17 రాత్రి భూకంపం వచ్చి, కొండ పక్కంతా విరిగి నదికి అడ్డంగా పడింది. 28 మంది చనిపోయారు. నిలిచిపోయిన నీరే ఆ సరస్సు. అప్పుడు మునిగిన అడవిలోని చెట్ల మోళ్ళు ఇప్పటికీ నీళ్ళలో నిలబడే ఉన్నాయి. ముందురోజు సాయంత్రం అక్కడ కారాపి చూశాం. చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.

రాయి సంగతికి వస్తాను. దాని అడుగున కనీసం మూడు రకాల పురుగులున్నాయి. ఒకటి ఇసుక రేణువుల్ని అంటించుకుని వడ్లగింజంత గూడు కట్టుకుంది. దాన్ని కాడిస్ అంటారు. ఇంకొకటి రాతికి అతుక్కుని, మూడు సన్నని తోకలు ఆడిస్తోంది. అది మేఫ్లై పిల్ల. రెండే తోకలున్న, కాస్త పెద్దది స్టోన్‌ఫ్లై. ఈ స్టోన్‌ఫ్లైలలోనే సామన్‌ఫ్లై అని వేలంత పొడవుండే జాతి ఉంది. మూడు నాలుగేళ్ళు నీళ్ళలోనే రాళ్ళ సందుల్లో బతుకుతుంది. జూన్ ఆఖరికో, జూలై మొదటికో గట్టుకి పాకి, పెంకు విడిచి, రెక్కలు తొడుక్కుంటుంది. తొలకరి పడగానే మన పుట్టల్లోంచి ఉసుళ్ళు లేస్తాయే, అలాగ. ఉసుళ్ళు లేచిన పొద్దున కోళ్ళు ఎలా పరుగులు పెడతాయో, ఆ రోజుల్లో ట్రౌట్ కూడా అంతేనట. మేం వెళ్ళేసరికి ఆ పండగ అయిపోయింది.

చూడటం అయ్యాక గైడ్ ఆ రాయిని ఎక్కడ తీశాడో అక్కడే పెట్టాడు. ఏ వైపు కిందికి ఉండేదో ఆ వైపే కిందికి ఉండేలా సర్ది, చేత్తో ఒకసారి నొక్కి మరీ వచ్చాడు.

మేం వచ్చింది ఫ్లై ఫిషింగ్‌కి. ఇందులో నిజం ఎర ఉండదు. చేప తినే పురుగును పోలినదాన్ని చిన్న ముల్లుకి దారంతో, ఈకతో, బొచ్చుతో కడతారు. దాన్నే ఫ్లై, అంటే ఈగ, అంటారు. నీటి మీద తేలేవి కొన్ని, మునిగి పోయేవి కొన్ని. గైడ్ పెట్టె తెరిస్తే వందల్లో ఉన్నాయి. ఎల్క్ అనే పెద్ద దుప్పి వెంట్రుకలతో కట్టినవి, ఫెజెంట్ పిట్ట తోక ఈకతో చుట్టినవి, గోరు మీద నాలుగు పట్టేంత చిన్నవి. ఆడమ్స్ అనే బూడిద రంగు ఈగ ఒకటి చేతిలో పెట్టాడు. 1922లో మిచిగన్‌లో మొదటిసారి కట్టారట. దాని మెడ చుట్టూ కుచ్చులా నిలబడి, నీటి మీద తేల్చేవి కోడిపుంజు మెడ ఈకలు. ఇలాంటి ఈకలు మన దేశం నుంచి కూడా వెళ్ళేవి. ఈ పనివాళ్ళ మధ్య ‘ఇండియన్ నెక్’ అన్న మాట ఇప్పటికీ ఉంది. ఈక రంగు చూసి పుంజుకి డేగ, కాకి, నెమలి అని పేరు చెప్పడం గోదావరి జిల్లాల పిల్లలకి బడికి వెళ్ళక ముందే వస్తుంది. అంత దూరాన, ఆ చలిలో, అరచేతిలో ఆ చిన్న కోడి ఈకను చూస్తే నాకు మా పెరడు గుర్తొచ్చింది.

ఆగస్టులో గట్టు మీద గడ్డి ఎండి, మిడతలు లేస్తాయి. గాలి విసిరినప్పుడు నీళ్ళలో పడతాయి. అందుకని నాకు పైన తేలే మిడత ఒకటి కట్టాడు. దాని ముల్లుకే మూరెడు దారం వేసి, కింద మునిగే పురుగు కట్టాడు. పై మిడత ఎర, అదే బెండు కూడా. ఈ ఏర్పాటు మా తాతయ్యకి చూపిస్తే వెంటనే మెచ్చుకునేవాడు.

విసరడం మాత్రం అంత తేలిగ్గా పట్టుబడలేదు. మన గాలాన్ని దూరం తీసుకెళ్ళేది దానికి కట్టిన సీసం బరువు. ఇక్కడ ఈగకి బరువే ఉండదు. బరువంతా లావుపాటి దారానిది. తొమ్మిదడుగుల రాడ్‌తో ఆ దారాన్ని వెనక్కి లేపి ముందుకు విసిరితే, దాని కొసన ఈగ వెళ్ళి వాలుతుంది. చర్నాకోల విసిరినట్టు విసురుతున్నాను నేను. "వెనక దారం పూర్తిగా చాపుకునేదాకా ఆగండి. తొందరపడితే చప్పుడొస్తుంది, ఈగ తెగిపోతుంది" అన్నాడు గైడ్. ఆగడం నేర్చుకోవడానికి గంట పట్టింది.

ఈగ నీటి మీద వాలాక అసలు పని మొదలు. అది ఎండుటాకులా, నీరు ఎటు తీసుకెళితే అటు పోవాలి. పడవకీ ఈగకీ మధ్య నీటి పరుగు ఒక్కలా ఉండదు. ఒకచోట వడిగా, ఒకచోట నింపాదిగా పారుతుంది. వడి నీరు దారాన్ని లాగిందంటే ఈగ నీటిని చీల్చుకుంటూ జారుతుంది. ఏ పురుగూ అలా ప్రయాణించదని చేపకి తెలుసు. అందుకే లాగక ముందే దారాన్ని ఎగువకి తిప్పి పడేయాలి. అల్లుడు అప్పటికే రెండు మూడుసార్లు వచ్చినవాడు కాబట్టి అతని చేయి అలవోకగా తిరిగేది.

పడవ గురించి చెప్పాలి. రెండు కొసలూ పైకి లేచి, అడుగు చదునుగా ఉంటుంది. ముందు నేను, వెనక అల్లుడు, మధ్యలో తెడ్లతో గైడ్. అతను దిగువకే ముఖం పెట్టి కూర్చుని, పడవని ఎగువకి లాగుతూ ఉంటాడు. అంటే వెళ్ళడానికి కాదు, నిదానించడానికి తెడ్లు వేస్తాడు. రోజంతా ఆ పనే. మధ్యమధ్యలో వేలు చూపించి చెప్పేవాడు: "ఆ రాయి ముందు నున్నగా ఉన్న చాపంత నీరు చూశారా, అక్కడ." "వడి నీరూ, నెమ్మది నీరూ కలిసే గీత ఉంది చూడండి, నురగ పోతోందే, అక్కడ." ఆ గీతని వాళ్ళు కుట్టు అంటారు. చేప నెమ్మది నీటిలో నిలబడుతుంది, ఒళ్ళు అలవకుండా. పక్కనే వడి నీరు తిండి మోసుకొస్తుంది. పంక్తిలో కూర్చున్నవాడి ముందుకి వడ్డన నడిచొచ్చినట్టు. గైడ్‌కి మనం ఇచ్చే డబ్బు ఈ చూపుకే అని నాకు అప్పుడు తెలిసింది. అప్పట్లో ఇద్దరికి కలిపి రోజుకి ఆరేడు వందల డాలర్లు, పైన బహుమానం. తక్కువేం కాదు. ఎన్నిస్‌కి ఎగువన ఉన్న ఈ యాభై మైళ్ళ నీటిలో ఒక మనిషికి ప్రతి రాయీ తెలిసి ఉండాలంటే ఎన్ని రోజులు తెడ్డు వేసి ఉండాలి!

తొమ్మిది దాటాక, గట్టు కిందికి వాలిన గడ్డి నీడలో మిడత చటుక్కున మాయమైంది. రాడ్ లేపాను. చేతికి ఆ బరువు తగిలితే పన్నెండేళ్ళ పిల్లవాణ్ణయిపోయాను. బ్రౌన్ ట్రౌట్, మూరకి కాస్త తక్కువ. ఒళ్ళంతా వెన్న కాచిన రంగు, దాని మీద నల్ల చుక్కలు, ఎర్ర చుక్కలు, ఒక్కో ఎర్ర చుక్క చుట్టూ లేత అంచు. గైడ్ రబ్బరు వలతో నీటిలోనే పట్టుకున్నాడు. "చేతులు తడుపుకోండి" అన్నాడు. పొడి చేయి తగిలితే చేప ఒంటి జిగురు పోయి జబ్బులు పట్టుకుంటాయట. కొన దగ్గర వెనక్కి తిరిగిన మొన లేని ముల్లు కాబట్టి ఇట్టే ఊడింది. నా రెండు చేతుల మధ్య కాసేపు మొప్పలాడించి, వెళ్ళిపోయింది.

ఇక్కడ నా మనసు ఒప్పుకోలేదు. గోదావరి నీళ్ళు తాగిన మాకు చేపంటే కూర. నొప్పించి వదిలేయడం కంటే వండుకు తినడమే న్యాయం కదా అని అడిగేశాను. గైడ్ నొచ్చుకోలేదు. "ఈ నదిలో చేపల్ని ఎవరూ తెచ్చి పోయరు. ఇక్కడే పుట్టాలి" అన్నాడు.

దాని వెనక పెద్ద కథ ఉంది. డెబ్బైల మొదటి దాకా మోంటానా కూడా తొట్లలో పెంచిన ట్రౌట్‌ని లారీల్లో తెచ్చి నదుల్లో వదిలేది. ఎక్కువ పోస్తే ఎక్కువ చేపలుంటాయని అందరి నమ్మకం. డిక్ విన్సెంట్ అనే ప్రభుత్వ జీవశాస్త్రవేత్త ఇదే మాడిసన్‌లోనూ, అందులో కలిసే ఒక వాగులోనూ ఏటేటా లెక్కలు తీసి చూస్తే తేలింది వేరు. పోయడం ఆపిన చోట ఏట్లో పుట్టిన చేపలు పెరిగాయి, పోసిన చోట తగ్గాయి. చాలామందికి కోపం వచ్చింది. అయినా 1974లో రాష్ట్రం, ట్రౌట్ వాటంతటవే పుట్టి పెరిగే తన నదుల్లో వాటిని పోయడం మానేసింది. ఒక ప్రభుత్వం తాను మంచిదనుకుని చేస్తున్న పనిని లెక్క చూసి ఆపేయడం నాకు మిగతా అన్నిటికన్నా గొప్పగా అనిపించింది.

అయితే నేను పట్టిన బ్రౌన్ ట్రౌట్ ఆ నేలది కాదు. 1880లలో జర్మనీ నుంచి గుడ్లుగా అమెరికా వచ్చిన జాతి. పక్కన గులాబీ చార ఉండే రెయిన్‌బో పసిఫిక్ వైపు నదులది. ఆ కొండల్లో ముందునుంచీ ఉన్నది కట్‌థ్రోట్, దవడల కింద రెండు ఎర్ర గీతలతో ఉంటుంది. వచ్చినవాటితో పోటీ పడలేక, రెయిన్‌బోతో కలిసి సంకరమైపోయి, చాలాచోట్ల ఎగువ వాగులకే పరిమితమైపోయింది. గైడ్ ఇది దాచకుండా చెప్పాడు. చెబుతున్నప్పుడు అతని గొంతులో బాధ ఉంది.

1994లో మరో దెబ్బ తగిలింది. వర్లింగ్ డిసీజ్ అని, చేపపిల్లల తలలో, వెన్నెముకలో ఉండే మెత్తని ఎముకని తినేసే పరాన్నజీవి మాడిసన్‌లో బయటపడింది. సోకిన పిల్లలు గింగిరాలు తిరుగుతూ చనిపోతాయి. రెయిన్‌బోలు పదింట తొమ్మిది వంతులు పోయాయి. అప్పుడు కూడా తెచ్చి పోయలేదు. తట్టుకుని మిగిలినవే మళ్ళీ పెరిగాయి.

గట్ల మీద రెండు పక్కలా చాలాచోట్ల ప్రైవేటు ఆస్తులే, పశువుల్ని పెంచే రాంచ్‌లు. కానీ నీరు మాత్రం అందరిదీ. 1985 నాటి చట్టం ప్రకారం, నది నిండుగా పారేటప్పుడు నీరు మామూలుగా తాకే గుర్తుకి లోపల ఎవరైనా నడవొచ్చు, గాలం వేయొచ్చు. ఎక్కడో కోనసీమ నుంచి వచ్చిన నేను కూడా, లైసెన్సు కొనుక్కుని, ఆ నదిలో కాలు పెట్టొచ్చు.

పన్నెండున్నరకి ఎండ చురుక్కుమంది. అప్పటికి మరో మూడు చేపలు వచ్చి వెళ్ళాయి. గైడ్ జేబులోంచి తాడు కట్టిన థర్మామీటర్ తీసి నీళ్ళలో వేశాడు. నీరు వేడెక్కితే అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. అలిసిన ట్రౌట్ తేరుకోవడం కష్టం. మూడు రోజులు వరసగా 73 డిగ్రీల ఫారెన్‌హీట్ తాకితే, అంటే మన 23 సెల్సియస్, మధ్యాహ్నం రెండు నుంచి అర్ధరాత్రి దాకా వేట నిషేధించే అధికారం ప్రభుత్వానికి ఉంది. గుడ్లగూబల వేళ అంటారు దాన్ని. ఎండాకాలం కార్చిచ్చుల భయంతో తెల్లవారుజామునే, గుడ్లగూబలు ఇంకా కూస్తుండగా పని చేసుకునే కట్టె కొట్టేవాళ్ళ నుంచి వచ్చిన మాట. ఆ రోజు నిషేధం లేదు. థర్మామీటర్ 68 చూపించింది, 20 సెల్సియస్.

"ఇంక చాలు" అన్నాడు గైడ్.

మాకు సాయంత్రం దాకా సమయం ఉంది, డబ్బిచ్చింది రోజంతటికీ. అల్లుడు నా వైపు చూశాడు. నేను దారం చుట్టేశాను. గైడ్ కొంత డబ్బు వెనక్కి ఇస్తానన్నాడు, మేం వద్దన్నాం. దిగాల్సిన పాలిసేడ్స్ రేవుకి ఇంకా రెండు మైళ్ళుంది. రాడ్లు విప్పి సంచుల్లో పెట్టేశాం. అతను తెడ్లు పైకెత్తి, పడవని నీటికే వదిలేశాడు. గాలి లేచింది. గట్టు మీంచి మిడతలు పడుతున్నాయి. కుడి పక్క, వడి నీరూ నెమ్మది నీరూ కలిసే కుట్టు వెంట ఒక ముక్కు పైకి లేచింది. ఇంకో బారెడు దూరాన మరొకటి. గైడ్ వేలెత్తి చూపించలేదు. ఈసారి నేనే ముందు చూశాను.