పిచ్చింగూ మనదే, బ్యాటింగూ మనదే: ఎమ్ఎల్‌బీ ద షోలో టూ-వే కెరీర్ నడిపే పద్ధతి

[తెర: ప్లేయర్‌ని తయారుచేసే స్క్రీన్. కర్సర్ 'టూ-వే ప్లేయర్' మీద ఆగి ఉంటుంది.]

వాయిస్: అనంతపురం నుంచి అందరికీ నమస్కారం. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ వీడియో గేమ్ ఎమ్ఎల్‌బీ ద షోలో, ఒక్క ఆటగాడి కెరీర్ నడిపే 'రోడ్ టు ద షో' మోడ్ తెరిచి, పిచ్చింగ్ (బంతి విసరడం), బ్యాటింగ్ రెండూ చేసే టూ-వే ప్లేయర్‌ని ఎంచుకుని, మేజర్ లీగ్‌కి రెండు మెట్లు కిందుండే డబుల్-ఏ లో కొన్ని వారాలు ఆడేసరికి చాలామందికి ఒకటే కష్టం వస్తుంది. బ్యాటింగూ అంతంత మాత్రం, పిచ్చింగూ అంతంత మాత్రం. పాయింట్లేమో రెండు వైపులా సమానంగా పంచేసి ఉంటారు. ప్రమోషన్ కబురు మాత్రం రాదు. ఆ సమానంగా పంచడమే అసలు తప్పు. ఎందుకో చూద్దాం.

[తెర: సీజన్ క్యాలెండర్. అయిదు రోజులకొక గడికి ఎర్ర గుర్తు.]

వాయిస్: క్రికెట్‌లో ఆల్‌రౌండర్ ప్రతి మ్యాచ్‌లోనూ బౌలింగ్, బ్యాటింగ్ రెండూ చేస్తాడు. మనం ఆర్డీటీ గ్రౌండ్‌లో చూసేది అదే కాబట్టి, ఇక్కడా అలాగే ఉంటుందనుకుంటాం. బేస్‌బాల్‌లో స్టార్టింగ్ పిచ్చర్‌కి అయిదు రోజులకోసారే వంతు వస్తుంది. మేజర్ లీగ్ సీజన్ 162 మ్యాచ్‌లు. అంటే పిచ్చింగ్ వంతులు దాదాపు 32. బ్యాట్ పట్టే రోజులు మాత్రం 150 దాకా ఉంటాయి. నిజ జీవితంలో ఈ రెండు పనులూ చేసే జపాన్ ఆటగాడు షోహే ఒహ్తానీ 2022 సీజన్ చూడండి: ఆడిన మ్యాచ్‌లు 157, పిచ్చర్‌గా మొదలుపెట్టినవి 28. అంతే.

దీన్నిబట్టి తెలిసేదేంటంటే, ఆడుతూ ఉంటే బ్యాటింగ్ తనంతట తాను పెరుగుతుంది. రోజూ నాలుగైదు సార్లు ప్లేట్ దగ్గరికి వెళ్తారు కదా. పిచ్చింగ్ అలా పెరగదు, దానికి అవకాశాలే తక్కువ. కాబట్టి మన చేతిలో ఉన్న ట్రైనింగ్ రోజులు, ఖర్చు పెట్టగలిగే పాయింట్లు ఎక్కువ భాగం పిచ్చింగ్‌కే పోవాలి. నా లెక్క మూడింట రెండు వంతులు. 25వ వెర్షన్‌లో టోకెన్ల పద్ధతి వచ్చింది, దానికీ ఇదే లెక్క పెట్టుకోండి. మొదటి సీజన్ సగం గడిచాక, రెండింటిలో ఏది వెనకబడితే దాని వైపు మొగ్గండి.

[తెర: త్రో హ్యాండ్, బ్యాట్ హ్యాండ్ ఎంపికలు.]

వాయిస్: తయారుచేసే స్క్రీన్‌లోనే మూడు నిర్ణయాలున్నాయి. మధ్యలో విసుగొచ్చి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టే పని లేకుండా ఇక్కడే సరిచూసుకోండి.

కుడి చేత్తో విసరడం, ఎడమ చేతి బ్యాటింగ్ పెట్టుకోండి. పిచ్చర్లలో ఎక్కువమంది కుడిచేతి వాటం. ఎడమ చేతి బ్యాటర్‌కి వాళ్ళ స్లైడర్, అంటే పక్కకి వంగే బంతి, లోపలికి వస్తుంది, కంటికి బాగా కనిపిస్తుంది. ఒహ్తానీది కూడా ఇదే అమరిక.

పిచ్చర్ రకం దగ్గర స్టార్టర్, అంటే మ్యాచ్ మొదలుపెట్టే పిచ్చర్‌ని ఎంచుకోండి. చివర్లో దిగే క్లోజర్‌గా తొందరగా ముగించొచ్చు అనుకుంటారు గానీ, ఏ రోజు మిమ్మల్ని పిలుస్తారో ముందు తెలియదు, పిలిచినా ఒక్క ఇన్నింగ్సే. పిచ్చింగ్ ఎదుగుదల ఇంకా మెల్లగా సాగుతుంది.

మిగతా రోజుల్లో పొజిషన్ ఏదంటే, డిజిగ్నేటెడ్ హిట్టర్, అంటే పిచ్చర్ బదులు బ్యాటింగ్ మాత్రమే చేసేవాడు. డీహెచ్ అని రాసి ఉంటుంది. ఫీల్డింగ్ చెయ్యక్కర్లేదు, కాబట్టి ఫీల్డింగ్, ఆర్మ్, రియాక్షన్ వంటి వాటికి పాయింట్లు పొయ్యక్కర్లేదు. సెంటర్ ఫీల్డ్‌లో పరుగెత్తి డైవ్ కొట్టాలన్న మోజు నాకూ తెలుసు. ఆ మోజుకి మూడో వైపు కూడా పాయింట్లు పంచాల్సి వస్తుంది, అదొక్కటే ఇబ్బంది.

పాత 21వ వెర్షన్ సెకండ్ హ్యాండ్‌లో దొరికితే ఒకటి గమనించండి. నిజ జీవితంలో 2021లో నేషనల్ లీగ్ జట్లకి డీహెచ్ లేదు, 2022 నుంచి రెండు లీగులకీ శాశ్వతంగా వచ్చింది. కాబట్టి 21లో అమెరికన్ లీగ్ జట్టే మనకి అనుకూలం.

[తెర: పిచ్‌ల జాబితా. మూడు పిచ్‌ల చుట్టూ గుండ్రం.]

వాయిస్: పిచ్‌లు. గేమ్ ఇచ్చినన్ని తీసుకోండి, కానీ పాయింట్లు మూడింటికే పెట్టండి: ఫోర్ సీమ్ ఫాస్ట్‌బాల్, స్లైడర్, చేంజప్ (ఫాస్ట్‌బాల్‌లాగే విసిరినా నెమ్మదిగా వచ్చే బంతి). ఫాస్ట్‌బాల్‌కీ చేంజప్‌కీ వేగంలో గంటకు పది మైళ్ళ దాకా తేడా ఉండాలి. ఆ తేడా తగ్గేకొద్దీ చేంజప్ బ్యాటర్‌కి తేలిక బంతి అయిపోతుంది. అందుకే వెలాసిటీ పెంచేటప్పుడు ఫాస్ట్‌బాల్‌కే పెంచండి, చేంజప్‌కి కంట్రోల్, బ్రేక్ పెంచండి.

మొత్తం మీద పిచ్చింగ్‌లో ముందు బీబీ/9, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌ల మ్యాచ్‌కి ఇచ్చే వాక్‌లు తగ్గించేది, దాని తర్వాత స్టామినా. స్ట్రైకవుట్‌లు పెంచే కే/9 ఆకర్షణీయంగా కనిపిస్తుంది, అందరూ దాని మీదే పడతారు. కానీ కొత్త పిచ్చర్‌ని ముంచేది వాక్‌లే. నాలుగు బంతులు స్ట్రైక్ జోన్ (బ్యాటర్ ముందు ప్లేట్ మీద ఊహించుకునే గడి) బయట వేస్తే, అతను బ్యాట్ ఊపకపోతే, ఊరికే బేస్ మీదికి పోతాడు, మీ స్టామినా మాత్రం నాలుగు బంతులంత ఖర్చవుతుంది.

[తెర: మొదటి ఇన్నింగ్స్, ఆ తర్వాత ఆరో ఇన్నింగ్స్, పక్కపక్కన. పిచ్ పడే చోట గీసిన వలయం రెండో దాంట్లో పెద్దదిగా ఉంది.]

వాయిస్: ఇది కొంచెం దగ్గరగా చూద్దాం. బంతి వేసే ముందు గురి పెట్టిన చోట ఒక వలయం వస్తుంది. మీటర్ సరిగ్గా కొడితే బంతి ఆ వలయంలోపలే ఎక్కడో పడుతుంది. కంట్రోల్ తక్కువైనా, స్టామినా పడిపోయినా వలయం పెద్దదవుతుంది. ఎడమ పక్కది మొదటి ఇన్నింగ్స్: వలయం చిన్నది, మూల మీద గురి పెడితే మూలకే పోతుంది. కుడి పక్కది ఆరో ఇన్నింగ్స్, అదే పిచ్, అదే గురి. వలయంలో సగం స్ట్రైక్ జోన్ నడిమధ్యలోకి వచ్చేసింది చూడండి. మీటర్ ఎంత సరిగ్గా కొట్టినా బంతి మధ్యలో పడొచ్చు, పడితే హోమ్‌రనే. "నేను సరిగ్గానే నొక్కాను కదా" అని మనం కంట్రోలర్ మీద కోప్పడేది ఇలాంటప్పుడే. తప్పు వేలిది కాదు, అలసటది.

అందుకని వలయం పెరిగాక మూలల మీద గురి పెట్టడం ఆపండి. గురిని జోన్ అంచు దాటించి, కాస్త కింద పెట్టండి. అప్పుడు వలయం పెద్దదైనా, పడితే కింది అంచున పడుతుంది, లేదంటే బయట పడుతుంది. ఇన్నింగ్స్‌కి 15 బంతుల లెక్కన పోతే ఆరు ఇన్నింగ్స్‌లకి 90. మొదటి రెండు ఇన్నింగ్స్‌లకే 45 దాటాయంటే ఆ రోజు అయిదో ఇన్నింగ్స్ చూడటం కష్టం. మొదటి బంతే స్ట్రైక్ వేయడం అలవాటు చేసుకోండి. 0-2 కౌంట్ (బయటి బంతులు సున్నా, స్ట్రైక్‌లు రెండు) వచ్చాక స్లైడర్‌ని జోన్ బయటికి వదలండి, డబుల్-ఏ బ్యాటర్లు వెంటపడి బ్యాట్ ఊపుతారు. ఒకే పిచ్ వరసగా మూడోసారి వేయకండి.

ఏ పద్ధతిలో పిచ్ చేయాలి? పిన్‌పాయింట్ అన్నిటికన్నా కచ్చితమైనది, కానీ కుడి స్టిక్‌తో ప్రతి పిచ్‌కీ ఒక్కో గీత గీయాలి. అయిదు రోజులకోసారి వచ్చే మనకి చెయ్యి తిరగడం ఆలస్యం. మీటర్‌తో మొదలుపెట్టండి, ట్రిపుల్-ఏ కి వచ్చాక ప్రాక్టీస్ మోడ్‌లో పిన్‌పాయింట్ పట్టుకోండి.

[తెర: బ్యాటింగ్. టైమింగ్ ఫీడ్‌బ్యాక్ మీద 'లేట్', మళ్ళీ 'లేట్'.]

వాయిస్: ఇప్పుడు బ్యాటింగ్. ముందు టీవీ సంగతి. మీ స్వింగ్‌లన్నీ లేట్ అనే వస్తుంటే ఆటగాడిని తప్పుపట్టకముందు టీవీ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి గేమ్ మోడ్ ఆన్ చేయండి. గంటకు 95 మైళ్ళ ఫాస్ట్‌బాల్ చేతి నుంచి ప్లేట్ దాకా రావడానికి పట్టేది దాదాపు 0.4 సెకను. బొమ్మకి మెరుగులు దిద్దే మోడ్‌లో ఉన్న టీవీ పదో వంతు సెకను ఆలస్యం చేసిందంటే, అందులో నాలుగో వంతు అక్కడే పోయింది. ఇంట్లో సీరియళ్ళు చూసేవాళ్ళు మోడ్ మార్చేస్తుంటారు, అందుకని ఆడే ముందు ఒకసారి చూసుకోండి.

పాయింట్లు ముందు కాంటాక్ట్‌కి, అందులోనూ కుడిచేతి పిచ్చర్ల మీద కాంటాక్ట్‌కి. ఆ తర్వాత విజన్. పవర్ మూడోది. కాంటాక్ట్ తక్కువైతే పీసీఐ, అంటే బ్యాట్ గురి చూపే గుర్తు, చిన్నగా ఉంటుంది, బంతి అందులోకి దొరకనప్పుడు పవర్ ఎంతున్నా దండగ. 2-0, 3-1 కౌంట్‌లలో ఫాస్ట్‌బాల్ కోసమే కాచుకోండి, మీరనుకున్న చోట పడకపోతే వదిలేయండి.

డిఫికల్టీ దగ్గర చాలామంది ఒకే స్థాయి పెట్టేస్తారు. హిట్టింగ్‌కీ పిచ్చింగ్‌కీ విడివిడిగా పెట్టుకోవచ్చు. హిట్టింగ్ డైనమిక్‌లో వదిలేయండి. పిచ్చింగ్ వెటరన్‌లో మొదలుపెట్టి, రెండు మూడు స్టార్ట్‌లు వరసగా ఆరు ఇన్నింగ్స్‌లు లాగగలిగితే ఆల్-స్టార్‌కి పెంచండి.

సమయం లేని రోజు సిమ్ చేయాల్సి వస్తే, అంటే మ్యాచ్‌ని గేమ్‌కే ఆడించమని వదిలేయాల్సి వస్తే, బ్యాటింగ్ రోజునే చేయండి, పిచ్చింగ్ రోజు మాత్రం ఒక్కటీ వదలొద్దు. పిచ్ చేసే రోజు లైనప్ స్క్రీన్‌లో మీ పేరు బ్యాటింగ్ ఆర్డర్‌లో కూడా ఉందో లేదో చూసుకుని మొదలుపెట్టండి. నిజమైన మేజర్ లీగ్‌లో 2022లో వచ్చిన నిబంధన ప్రకారం, స్టార్టింగ్ పిచ్చరే డీహెచ్‌గా కూడా ఉంటే, మౌండ్ (పిచ్చర్ నిలబడే దిబ్బ) దిగాక కూడా బ్యాటింగ్ కొనసాగించొచ్చు. ఒహ్తానీ కోసమే వచ్చిందని అందరూ చెప్పుకునే నిబంధన అది.

[తెర: మేనేజర్‌తో మాటల సన్నివేశం.]

వాయిస్: మేనేజర్ పిలిచి ఒకే పని మీద దృష్టి పెట్టమని అడిగితే, డైలాగ్ పూర్తిగా చదవకుండా బటన్ నొక్కకండి. రెండు పాత్రలూ ఉంచుకుంటామనే జవాబు ఎంచుకోండి. గబగబా నొక్కుకుంటూ పోయి, టూ-వే కెరీర్‌ని అక్కడే పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు.

ఫ్రాంచైజ్ మోడ్‌లో జట్టు మొత్తం నడిపేవాళ్ళకి ఒక మాట. నిజమైన నిబంధనలో టూ-వే హోదాకి 20 ఇన్నింగ్స్ పిచ్ చేయాలి, దాంతోపాటు 20 మ్యాచ్‌లు ఫీల్డర్‌గానో డీహెచ్‌గానో, ఒక్కోదాంట్లో కనీసం మూడు సార్లు బ్యాటింగ్‌కి రావాలి. ఆ హోదా వస్తే 26 మంది జట్టులో 13 మంది పిచ్చర్ల పరిమితిలోకి అతను రాడు, అంటే ఇంకో పిచ్చర్‌కి చోటు మిగిలినట్టే. ఒహ్తానీ ఉన్నప్పుడు అతని జట్టు ఏంజెల్స్ ఆరుగురు పిచ్చర్లని వంతులవారీగా తిప్పింది, అతనికి అదనంగా ఒక రోజు విశ్రాంతి దొరకాలని. అయినా అతని మోచేతికి 2018లోనూ, 2023లోనూ ఆపరేషన్ తప్పలేదు. మీ స్టార్టర్‌ని 110 బంతుల దాకా లాగి, మర్నాడే డీహెచ్‌గా దించకండి. ఒక రోజు కూర్చోబెట్టండి.

[తెర: సేవ్ గుర్తు తిరుగుతూ ఉంటుంది.]

వాయిస్: ఎండాకాలంలో మన జిల్లాల్లో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. ఇన్వర్టర్ ఉంటే దాని వెనకాల యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి. మామూలు మోడ్‌లో మారేటప్పుడు వచ్చే చిన్న గ్యాప్‌కే కన్సోల్ ఆగిపోవచ్చు. పిచ్చింగ్ రోజు ఏడో ఇన్నింగ్స్‌లో ఆగిందంటే, అయిదు రోజులకోసారి వచ్చిన వంతు మళ్ళీ మొదటినుంచి ఆడాలి.

కొనబోయేవాళ్ళకి: ఈ సిరీస్ పీసీకి రాదు. పీఎస్4 ఉన్నవాళ్ళకి 24వ వెర్షనే ఆఖరిది, 25 నుంచి పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్, స్విచ్ కావాలి. ఒక ఏడాది సేవ్ ఇంకో ఏడాది గేమ్‌లోకి రాదు, కొత్తది ఏటా వసంతకాలంలో వస్తుంది. కాబట్టి పదేళ్ళ కెరీర్ నడపాలనుకుంటే కొత్త వెర్షన్ కోసం చూడకుండా, ఉన్నదాంట్లోనే చివరిదాకా ఆడండి. రెండో సీజన్ నుంచి పెట్టుకోదగ్గ గురి: 162 ఇన్నింగ్స్ పిచ్చింగ్, 502 సార్లు ప్లేట్ దగ్గరికి. ఈ రెండు అంకెలూ అందుకుంటేనే ఈఆర్ఏ (పిచ్చర్ ఇచ్చే పరుగుల సగటు) జాబితాలోనూ బ్యాటింగ్ సగటు జాబితాలోనూ పేరు వస్తుంది. ఒహ్తానీ 2022లో 166 ఇన్నింగ్స్‌లతో రెండూ దాటాడు.