కేకు మధ్యలో ఎందుకు కుంగింది? ఒక గాలి బుడగ కథ

[చెక్క బల్ల మీద గుండ్రటి కేకు. మధ్యలో గుంట. కెమెరా నెమ్మదిగా దగ్గరికి వెళ్తుంది.]

ఈ కేకును ఒకసారి దగ్గరగా చూడండి. అంచులు చక్కగా పొంగాయి. రంగు కూడా ముచ్చటగా వచ్చింది. మధ్యలో మాత్రం గుప్పెడు పట్టేంత గుంట. ఇందాక ఓవెన్ అద్దంలోంచి చూసినప్పుడు ఇదే కేకు గుమ్మటంలా ఉబ్బి ఉంది. చూసి ఎంత మురిసిపోయానో! బయటికి తీసి బల్ల మీద పెట్టానో లేదో, నా కళ్ళ ముందే మెల్లగా ఊపిరి వదిలేసినట్టు దిగిపోయింది.

ఇంట్లో కేకులు చేసే అలవాటున్న వాళ్ళకి ఈ బాధ తెలుసు. అన్నీ కొలిచే వేశాం, చెప్పినట్టే కలిపాం, మరి తేడా ఎక్కడ వచ్చింది? ఒక పక్క గంటసేపు పడ్డ కష్టం, ఇంకో పక్క ముక్క కోసం ఎదురుచూస్తున్న పిల్లలు. మనసు చివుక్కుమంటుంది.

ఇవాళ నేను రెసిపీ చెప్పను. కేకు లోపల అసలు ఏం జరుగుతుందో చెప్తాను. ఆ సంగతి అర్థమయ్యాక నా వంటగదిలో టెన్షన్ చాలావరకు పోయింది. ఇప్పటికీ కేకులు చెడుతూనే ఉంటాయి, కానీ ఎందుకు చెడిందో తెలుస్తోంది. కథంతా ఒక చిన్న గాలి బుడగది. అది పుట్టాలి, పెరగాలి, చివరికి నిలబడాలి. ఈ మూడింట్లో ఎక్కడ దెబ్బ తగిలినా కేకు మీద కనిపిస్తుంది.

[గిన్నెలో వెన్న, పంచదార. బీటర్ తిరుగుతోంది. బాగా దగ్గరి షాట్.]

బుడగ పుట్టేది ఇదిగో, ఇక్కడ. వెన్న, పంచదార కలిపి గిలక్కొట్టడాన్ని క్రీమింగ్ అంటారు. పంచదార కరగడానికే ఇలా చేస్తారని నేను చాలాకాలం అనుకున్నాను. వెన్నలోని కొవ్వులో పంచదార కరగదు. పలుకులుగానే ఉంటుంది, మనకు కావలసింది కూడా అదే. ఆ పలుకుల అంచులు వెన్నను గీరుకుంటూ వెళ్ళిన ప్రతిచోటా కాస్త గాలి చిక్కుకుంటుంది. కంటికి ఆననంత చిన్న బుడగలు, లెక్కలేనన్ని. రంగు చూడండి. మొదట పచ్చగా ఉన్న వెన్న నాలుగైదు నిమిషాలకు పాలిపోయి, దాదాపు తెల్లగా, దూదిలా అయింది. ఆ తెలుపు లోపల చేరిన గాలి వల్ల వచ్చిందే.

వెన్న ఎంత చల్లగా ఉందన్నది ఇక్కడ చాలా ముఖ్యం. 18 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే మంచిది. థర్మామీటర్ లేకపోతే వేలితో నొక్కండి. గుంట పడాలి, వేలు మాత్రం లోపలికి జారిపోకూడదు. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన వెన్న రాయిలా ఉండి గాలిని రానివ్వదు. కరిగిపోయిన వెన్న వచ్చిన గాలిని పట్టుకోలేదు. గుడ్లు చల్లవి వేసినా వెన్న మళ్ళీ గట్టిపడి, గిన్నెలో అంతా విరిగిన పాలలా కనిపిస్తుంది. అలా అయితే పారేయకండి. ఒక చెంచా మైదా వేసి కలపండి, చాలావరకు సర్దుకుంటుంది.

ఇప్పుడు నన్ను బాగా ఆశ్చర్యపరిచిన విషయం చెప్తాను. బేకింగ్ పౌడర్ కొత్త బుడగల్ని పుట్టించదు. దాంట్లోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ వాయువు, అప్పటికే ఉన్న బుడగల్లోకి చేరి వాటిని ఉబ్బిస్తుంది. బుడగలే లేకపోతే ఆ వాయువుకు ఉండటానికి చోటు లేదు.

నా కేకు కుంగింది ఇందుకే. ఈ కేకు చేసేటప్పుడు టైమ్ లేదని క్రీమింగ్ ఒక్క నిమిషంలో ముగించాను. తగ్గిన గాలికి బదులుగా బేకింగ్ పౌడర్ ఇంకో చెంచా ఎక్కువ వేశాను. ఉన్న బుడగలు తక్కువ, వచ్చిన వాయువు ఎక్కువ. అవి పెద్దపెద్దవై, ఒకదానితో ఒకటి కలిసిపోయి, పైకి తేలి పగిలిపోయాయి. చుట్టూ గోడలు గట్టిపడకముందే కేకు తొందరపడి పొంగింది. పొంగినంత వేగంగానూ దిగింది.

[రెండు చిన్న గిన్నెలు. ఒకదాంట్లో బేకింగ్ సోడా, ఇంకోదాంట్లో బేకింగ్ పౌడర్. ఒక చెయ్యి నిమ్మరసం పిండుతుంది, నురగ పొంగుతుంది.]

సోడాకీ, పౌడర్‌కీ తేడా చూద్దాం, ఎందుకంటే ఒకటి లేదని ఇంకోటి వేసి నాశనమైన కేకులు బోలెడు. బేకింగ్ సోడా అంటే సోడియం బైకార్బనేట్, అదొక్కటే. దానికి పులుపు తగిలితేనే బాగా పని చేస్తుంది. పెరుగు, నిమ్మరసం, తేనె, మామూలు కోకో పొడి, వీటిలో ఏదో ఒకటి ఉండాలి. పులుపు లేకుండా సోడా వేస్తే కేకులో సబ్బు రుచి వస్తుంది. ఇంకో మాట, అన్ని కోకో పొడులూ ఒకటి కావు. డచ్ ప్రాసెస్ అని రాసి ఉన్న కోకోలో పులుపును ముందే తీసేసి ఉంటారు. అది వేసి సోడాను నమ్ముకుంటే కేకు సరిగ్గా పొంగదు.

బేకింగ్ పౌడర్‌లో సోడాతో పాటు పొడి రూపంలో ఆమ్లం, తేమ పీల్చుకోవడానికి కార్న్‌ఫ్లోర్ కూడా ఉంటాయి. తడి తగలగానే కొంత, వేడి తగిలాక మిగతాది పని చేస్తుంది. సోడా దీనికన్నా మూడు నాలుగు రెట్లు ఘాటు. కాబట్టి చెంచాకు చెంచా మార్చడం కుదరదు. మీ డబ్బా పాతదేమో అని అనుమానముంటే అర కప్పు వేడినీళ్ళలో ఒక చెంచా పౌడర్ వేయండి. బుసబుస పొంగితే వాడుకోవచ్చు. ఊరుకుండిపోతే కొత్తది తెచ్చుకోండి. సోడాకైతే నిమ్మరసంతో ఇదే పరీక్ష.

ఈ పౌడర్ వెనక ఉన్న మనిషి గురించి చెప్పకుండా ముందుకు పోలేను. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అని ఒక కెమిస్ట్ ఉండేవాడు. ఆయన భార్య ఎలిజబెత్‌కు గుడ్లు పడవు, ఈస్ట్ కూడా పడదు. ఆమె కోసం 1837లో గుడ్లు లేని కస్టర్డ్ పొడి తయారు చేశాడు. 1843లో ఈస్ట్ అక్కర్లేకుండా పిండిని పొంగించే పొడి తయారు చేశాడు. ఇంట్లో మనిషి కడుపు నొప్పి పడకుండా తినాలని చేసిన పని అది. నేను బేకింగ్ పౌడర్ డబ్బా మూత తీసినప్పుడల్లా ఆవిడ గుర్తొస్తుంది.

[మైదా జల్లెడలోంచి మంచులా రాలుతోంది.]

ఇక మైదా. మైదాకు తడి తగిలి కలియబెట్టగానే దాంట్లోని ప్రోటీన్లు సాగే దారాల్లా అల్లుకుంటాయి. దీన్నే గ్లూటెన్ అంటారు. బ్రెడ్‌కు అది కావాలి. కేకులో మాత్రం ఎక్కువైతే ముక్క రబ్బరులా సాగుతుంది. అందుకే మైదా వేశాక పొడి చారలు కనిపించనంతవరకే కలిపి చెయ్యి ఆపేయాలి. ఇంకా నున్నగా రావాలని తిప్పుతూనే ఉండటం చాలామంది చేసే తప్పు. ఆ ఆశ నాకూ ఉండేది. మీ కేకు కోసినప్పుడు లోపల నిలువుగా పొడుగాటి సొరంగాలు కనిపించాయంటే కలపడం ఎక్కువైందని గుర్తు.

కొలత సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఒక కప్పు మైదాను చెంచాతో మెల్లగా నింపితే సుమారు 120 గ్రాములు తూగుతుంది. అదే కప్పును డబ్బాలో ముంచి అదిమి తీస్తే 150 దాటిపోతుంది. రెండు కప్పుల రెసిపీలో 60 గ్రాముల తేడా అంటే మెత్తటి కేకు కాస్తా పిడకలా తయారవుతుంది. వంటగదిలో ఒక చిన్న తూకం మిషన్ కొనుక్కోండి. నేను కొన్నవాటిలో అంతగా పనికొచ్చింది ఇంకోటి లేదు.

ఆరోగ్యానికి మంచిదని పంచదార సగానికి తగ్గించే వాళ్ళకూ ఒక మాట. పంచదార తీపి కోసమే వేసేది కాదు. అది తేమను పట్టి ఉంచుతుంది, గ్లూటెన్ బిగుసుకోకుండా చూస్తుంది, పైన రంగు రావడానికి సాయపడుతుంది. కొద్దిగా తగ్గిస్తే ఫరవాలేదు. సగం తీసేస్తే పొడిబారిన, పాలిపోయిన, గట్టి కేకు వస్తుంది. తీపి తక్కువ కావాలంటే దానికి తగ్గట్టు రాసిన రెసిపీ వెతుక్కోవడం మేలు.

[ఓవెన్ అద్దం. లోపల పసుపు వెలుతురు. కేకు నెమ్మదిగా లేస్తోంది. టైమ్‌లాప్స్.]

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇది. కుర్చీ లాక్కొని ఓవెన్ ముందు కూర్చుంటాను. లోపల వేడికి బుడగలు ఉబ్బుతుంటాయి, నీరు ఆవిరై వాటిని ఇంకా పెద్దవి చేస్తుంటుంది. అదే సమయంలో గుడ్డులోని ప్రోటీన్లు గడ్డకడుతూ, మైదాలోని పిండిపదార్థం నీరు పీల్చి చిక్కబడుతూ బుడగ చుట్టూ గోడ కడుతుంటాయి. బుడగ పూర్తిగా ఉబ్బే వేళకు గోడ గట్టిపడాలి. కేకు నిలబడటమంతా ఈ రెండూ కలిసి రావడంలోనే ఉంది.

అందుకే మధ్యలో తలుపు తీయొద్దంటారు. గోడలు ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు తలుపు తీస్తే వేడి బయటికి పోతుంది, లోపలి బుడగలు ముడుచుకుంటాయి, కేకు కుంగుతుంది. రెసిపీలో చెప్పిన టైమ్‌లో కనీసం మూడొంతుల్లో రెండొంతులు అయ్యేదాకా చెయ్యి తలుపు మీదికి పోనివ్వకండి. వేడి మరీ ఎక్కువైతే ఇంకో రకం ఇబ్బంది. అంచులు, పైభాగం ముందే గట్టిపడిపోతాయి. మధ్యలో పిండి ఇంకా పొంగుతూ దారిలేక పైపెంకును చీల్చుకుని బయటికి వస్తుంది. నడినెత్తిన పగుళ్ళతో కొండలా వచ్చే కేకుల కథ అది. చాలా ఓవెన్లు బటన్ మీద చూపించే వేడికీ, లోపలి వేడికీ పొంతన ఉండదు. లోపల పెట్టుకునే చిన్న థర్మామీటర్ కొనుక్కుంటే మీ ఓవెన్ గుణం తెలుస్తుంది. రెసిపీలో 350 డిగ్రీలు అని ఉంటే కంగారు పడకండి, అది ఫారన్‌హీట్. సెల్సియస్‌లో సుమారు 177.

ఇప్పుడు వాసన మొదలవుతుంది. పిండిలోని ప్రోటీన్లూ చక్కెరలూ వేడికి కలిసి బంగారు రంగునూ, కమ్మటి వాసననూ పుట్టిస్తాయి. ఫ్రాన్స్‌కు చెందిన లూయీ కామిల్ మయార్ దీన్ని 1912లో వివరించాడు కాబట్టి మయార్ చర్య అంటారు. ఆ వాసనకి పక్కగదిలో పుస్తకం చదువుకుంటున్న మనిషి కూడా లేచి వచ్చి గుమ్మంలో నిలబడి "అయిందా?" అని అడుగుతారు.

అయిందో లేదో పుల్ల గుచ్చి చూడటం అందరికీ తెలిసిందే. నేను ఇంకోటి కూడా చేస్తాను. కేకును కాస్త బయటికి లాగి, ముఖం కాలనంత దూరంలో చెవి పెట్టి వింటాను. లోపల ఇంకా తడి ఎక్కువుంటే సన్నగా చిటపటమంటూ, గుసగుసలాడుతూ ఉంటుంది. ఉడికేకొద్దీ ఆ చప్పుడు తగ్గుతుంది. పూర్తిగా మౌనమైతే మాత్రం కాస్త ఎండిపోయినట్టే.

[ట్రేలో కుకీలు. అన్నీ కరిగి ఒకే అట్టులా కలిసిపోయాయి.]

కుకీల గురించి రెండు మాటలు. ఇలా అట్టులా పరుచుకుపోతే వెన్న మరీ మెత్తగా ఉందని అర్థం. పిండిని అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, చల్లటి ట్రే మీద వేయండి. వేడి ట్రే మీదే రెండో వాయి వేస్తే ఓవెన్‌లోకి వెళ్ళకముందే కరగడం మొదలవుతుంది. ఈ ట్రేలోది మాత్రం పారేయలేదు. ముక్కలు చేసి ఐస్‌క్రీమ్ మీద చల్లాం.

చాక్లెట్ కరిగిస్తుంటే ఒక్క చుక్క నీరు పడి ఉన్నట్టుండి ఇసుకలా గడ్డకట్టిందా? అప్పుడు భయపడకుండా ఇంకాస్త వేడినీళ్ళో వేడిపాలో చెంచా చెంచాగా వేస్తూ కలపండి. మళ్ళీ నున్నబడుతుంది. పూతకు పనికిరాదు కానీ సాస్‌గా బ్రహ్మాండంగా ఉంటుంది.

గిన్నె నాకే పిల్లల్ని మాత్రం ఆపండి. పచ్చి గుడ్డులోనే కాదు, పచ్చి మైదాలో కూడా జబ్బు చేసే బాక్టీరియా ఉండొచ్చు. ఈ ఒక్క ఆనందం వదులుకోవాల్సిందే.

[మళ్ళీ మొదటి కేకు. కత్తి దిగుతోంది. ముక్క పక్కకు ఒరుగుతుంది.]

సరే, మన కుంగిన కేకు దగ్గరికి వద్దాం. పది నిమిషాలు టిన్‌లోనే ఉంచి బోర్లించాను, పూర్తిగా చల్లారనిచ్చాను. వేడిమీద కోస్తే గోడలు ఇంకా మెత్తగా ఉండి ముక్క నలిగిపోతుంది. ఇప్పుడు కోశాను, దగ్గరికి రండి. గుంట కింద చూశారా, ముదురు పసుపు రంగు చార? అక్కడ బుడగలు మిగల్లేదు. వేలితో నొక్కితే మైనంలా ఉంది. ఇప్పుడు అంచు వైపు చూడండి. సూది మొనంత గదులు, ఒకదాని పక్కన ఒకటి, వందలకొద్దీ. ఒక్కో గది ఒక్కో బుడగ ఇల్లు. బుడగ వెళ్ళిపోయింది, ఇల్లు నిలబడింది.

గుంటలో ఉన్న మెత్తటి భాగం చెంచాతో తీసేశాను. గిలక్కొట్టిన క్రీమ్ నింపి, పైన పండ్ల ముక్కలు పేర్చాను. చూస్తే కావాలనే అలా చేసినట్టుంది.

[పండ్ల మీద నుంచి క్రీమ్ జారుతోంది. ఫ్రేమ్ లోకి ఒక చిన్న చెయ్యి వస్తుంది.]

మా పిల్లలు పళ్ళాలు పట్టుకుని వచ్చేశారు. అంచు ముక్క నాకు ఉంచమని ముందే చెప్పాను.